కరెంట్ ఎక్కువైతే పడవ ఎందుకు కట్టేశాడు?

నమస్కారమండీ. నేను ఇంగ్లీషు టీచర్ని. గోదావరి పక్కన ఒక ఊళ్ళో, ప్రభుత్వ హైస్కూల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలకి ఇంగ్లీషు చెబుతున్నాను. ఈ పది నిమిషాలూ ఒక్క సంగతే మాట్లాడతాను. మన పిల్లలు ఇంగ్లీషు పాఠం చదవగలుగుతున్నారు, ప్రశ్నలకి జవాబులు కూడా రాసేస్తున్నారు, కానీ చదివింది వాళ్ళకి అర్థమవుతోందా లేదా అన్నది మనం అడగడం లేదు.

ఎనిమిదో తరగతిలో ఒకరోజు చిన్న ప్యాసేజ్ ఇచ్చాను. అందులో ఒక వాక్యం ఉంది, నిదానంగా చెబుతాను వినండి. 'ది బోట్‌మన్ టైడ్ హిజ్ బోట్ నియర్ ది బ్యాంక్ బికాజ్ ది కరెంట్ వాజ్ టూ స్ట్రాంగ్.' కింద ప్రశ్న: 'వై డిడ్ ది బోట్‌మన్ టై హిజ్ బోట్?' మూడో బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి గబగబా రాసి తెచ్చాడు, 'బికాజ్ ది కరెంట్ వాజ్ టూ స్ట్రాంగ్' అని. స్పెల్లింగ్ తప్పు లేదు, చేతిరాత ముత్యాల్లా ఉంది. పూర్తి మార్కులు వేశాను. నోట్‌బుక్ తిరిగిస్తూ ఎందుకో అడిగాను, "ఏరా నాన్నా, కరెంట్ ఎక్కువైతే పడవ ఎందుకు కట్టేశాడు?" అని. వాడు తడుముకోకుండా చెప్పాడు. "పడవకి మోటారుంటది కదా మేడమ్, కరెంట్ ఎక్కువొస్తే కాలిపోద్దని." మరి బ్యాంకు దగ్గర కట్టడమేంటి అన్నాను. "మనూళ్ళో బ్యాంకు రేవు పక్కనే కదా మేడమ్" అన్నాడు.

వాడు అనుకున్నదాంట్లో తెలివితక్కువతనం ఏమీ లేదండీ. కరెంట్ అంటే మన ఇళ్ళలో ఒకటే, పోతుంది, వస్తుంది, ఎక్కువైతే మోటారు కాలిపోతుంది. బ్యాంకు అంటే అమ్మ డ్వాక్రా డబ్బులు కట్టడానికి వెళ్ళేది. తనకి తెలిసిన మాటలతో వాడు ఒక అర్థం కట్టుకున్నాడు. కానీ ఆ మాటలకి ఇంగ్లీషులో ఇంకో అర్థం ఉంటుందని వాడికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, పైగా పూర్తి మార్కులు వేశాను. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళలో ఇలాంటి జవాబులకి ఎన్నిటికి టిక్కు పెట్టి ఉంటానో అనిపించింది.

ఇప్పుడు మీరు కూడా ఒక పని చేయండి. నేను ఒక వాక్యం చెబుతాను. 'నిన్న సాయంత్రం ఒక జొంకారి బురకలో చిమిలింది, ఎందుకంటే దాని తెప్పెరకి లొమ్ము పట్టింది.' ఇది నేను అల్లిన వాక్యం, ఈ మాటలకి అర్థమే లేదు. ఇప్పుడు ప్రశ్న. జొంకారి ఎక్కడ చిమిలింది? బురకలో. ఎందుకు చిమిలింది? తెప్పెరకి లొమ్ము పట్టింది కాబట్టి. చూశారా, రెండింటికీ జవాబు చెప్పేశారు, రెండు మార్కులూ వచ్చేశాయి! జొంకారి అంటే పిట్టో పామో మీకూ తెలీదు, నాకూ తెలీదు. మా బళ్ళో దీన్ని 'లైను ఎత్తి రాయడం' అంటాం. ప్రశ్నలో ఉన్న మాట ప్యాసేజ్‌లో ఎక్కడుందో వెతుకు, దొరికిన లైను దించెయ్. పరీక్షల ముందు ఈ కిటుకు మేమే నేర్పిస్తాం, టైం లేదని, ముందు పాసవ్వాలని. పాసవుతారు కూడా.

ఇది మా ఒక్క బడి కథ అనుకోకండి. అసర్ అని దేశమంతా పల్లెల్లో పిల్లల చదువు మీద సర్వే చేస్తారు. 2023లో 14 నుంచి 18 ఏళ్ళ పిల్లల్ని పరీక్షించారు. ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవాళ్ళు సుమారు 57 శాతం. అలా చదివినవాళ్ళని మళ్ళీ అర్థం చెప్పమంటే వాళ్ళలోనూ నాలుగింట మూడొంతుల మందే చెప్పగలిగారు. ఆ పరీక్షలో ఇచ్చింది చాలా తేలికైన చిన్నచిన్న వాక్యాలు. మా పదో తరగతి ప్యాసేజ్ లాంటిది ఇస్తే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

అందుకే కదా మీనింగ్స్ నేర్పించాలి, రోజుకి పది మాటలు బట్టీ పెట్టించాలి అంటారు తల్లిదండ్రులు. ఇక్కడే నాకు గట్టి అభ్యంతరం ఉంది. మీ పిల్లల మీనింగ్స్ నోట్‌బుక్ ఒకసారి తెరిచి చూడండి. 'రిలక్టెంట్' అని రాసి పక్కన 'విముఖత గల' అని ఉంటుంది. విముఖత అంటే ఏంట్రా అని అడగండి, తెలీదంటాడు. తెలియని ఒక ఇంగ్లీషు మాటకి తెలియని ఒక తెలుగు మాట జోడించి ఇంపోజిషన్ రాయించాం, అంతే జరిగింది. అదే, "మీ బావ పెళ్ళికి వెళ్ళడం నీకిష్టం లేదు, అమ్మ గోల పడలేక బయల్దేరావు, అప్పుడు నువ్వెలా వెళ్ళావు?" అని అడిగితే "మనసొప్పక వెళ్ళాను" అంటాడు. అదిగో, రిలక్టెంట్‌లీ అంటే మనసొప్పక. 'ఎగ్జాస్టెడ్' అంటే 'అలసిన' అని గైడులో ఉంటుంది. మా క్లాసులో ఒక పిల్ల "ఒళ్ళు హూనమైపోయింది" అని చెప్పింది, ఆ మాటని ఆ క్లాసులో ఎవరూ మర్చిపోలేదు. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే తెలుగులో అర్థం చెప్పనివ్వాలి. ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట్లాడితే తప్పు, ఫైన్ అనే బడులున్నాయి. అలాంటి చోట వాడికి ఏది అర్థమైందో ఏది కాలేదో టీచరుకి ఎలా తెలుస్తుందో నాకైతే తెలియదు.

ఆ అబ్బాయి దగ్గరికి మళ్ళీ వస్తాను. మర్నాడు వాణ్ణి పిలిచి ఇంగ్లీషు ఊసెత్తకుండా అడిగాను, వరదొచ్చి ఏరు వడిగా పోతుంటే మీ నాన్న ఏం చేస్తాడని. వాళ్ళ నాన్న గోదావరి మీద వేటకి వెళ్తాడు. వాడు ఐదు నిమిషాలు ఆపకుండా చెప్పాడు. ఎర్రనీళ్ళు రాగానే నడి ఏట్లోకి వెళ్ళరట, గట్టు వారనే పోనిస్తారట, మరీ ఉద్ధృతంగా ఉంటే రేవులో గుంజకి కట్టేసి ఇంటికొచ్చేస్తారట. "అదే రా ఈ ప్యాసేజ్‌లో ఉంది, కరెంట్ అంటే నీటి వడి, బ్యాంక్ అంటే గట్టు" అన్నాను. వాడు నోట్‌బుక్ తీసుకుని ఆ వాక్యం మళ్ళీ చదివాడు, ఈసారి గొంతు తగ్గించి, ఒక్కో మాటా ఆగి. తర్వాత "ఇది మా నాన్న కథే కదా మేడమ్" అన్నాడు. తెలిసిన విషయమే, తెలియని భాషలో ఉంది, అంతే. వాడికి తెలిసినదాన్ని ముందు నేను అడిగి ఉంటే రెండు రోజులు పట్టేది కాదు.

మాటల తర్వాత వాక్యం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అన్ని మాటలూ తెలిసినా పిల్లలు ఇక్కడ బోల్తా పడతారు. 'ది మ్యాన్ హూ సోల్డ్ ది కౌ టు మై అంకుల్ కేమ్ ఎగైన్.' ఎవరొచ్చారు అని అడిగితే సగం క్లాసు "మామయ్య" అంటుంది. ఎందుకంటే 'అంకుల్' అన్న మాట, 'కేమ్' అన్న మాట పక్కపక్కనే ఉన్నాయి. తెలుగులో మనం ఏమంటాం? "మా మామయ్యకి ఆవునమ్మిన మనిషి మళ్ళీ వచ్చాడు." ఎలాంటి మనిషో ముందు చెప్పేసి, ఆ తర్వాత మనిషి అంటాం, చివర్లో వచ్చాడు అంటాం. ఇంగ్లీషులో మనిషి ముందొస్తాడు, ఎలాంటివాడో తర్వాత చెబుతారు, క్రియ ఎక్కడో మధ్యలో పడుతుంది. ఈ తేడా ఒక్కసారి బోర్డు మీద రెండు వాక్యాలూ కిందా పైనా రాసి బాణాలు గీసి చూపిస్తే చాలు, పిల్లలు పట్టేస్తారు. నేను 'హూ' దగ్గర నుంచి 'అంకుల్' దాకా అరచేత్తో మూసేసి చదివిస్తాను. 'ది మ్యాన్ కేమ్ ఎగైన్.' ఎవరొచ్చారు? మనిషి. ఏ మనిషి? ఇప్పుడు చెయ్యి తీస్తాను.

ఇంకో సంగతి, పుస్తకం ఎంత కష్టంగా ఉండాలన్నది. న్యూజిలాండ్‌కి చెందిన పాల్ నేషన్ అనే పరిశోధకుడు, మార్సెల్లా హుతో కలిసి 2000లో ఒక పరిశోధన చేశారు. ఎవరి సాయం లేకుండా చదివి బాగా అర్థం చేసుకోవాలంటే ప్రతి వంద మాటల్లో సుమారు 98 ముందే తెలిసి ఉండాలని తేలింది. అంటే నూటికి రెండే కొత్త మాటలు! మా తొమ్మిదో తరగతి పుస్తకంలో కొందరు పిల్లలకి లైనుకి రెండు కొత్త మాటలుంటాయి. వాళ్ళని అదే పేజీ పదిసార్లు చదవమనడం కన్నా ఐదో తరగతి పుస్తకం ఇవ్వడం మేలు. ఇస్తే ముఖం చిన్నబుచ్చుకుంటారు, నిజమే, చిన్నపిల్లల పుస్తకమని సిగ్గుపడతారు. అందుకే నేను "మీ చెల్లికి చదివి వినిపించు" అని చెప్పి ఇస్తాను. చెల్లికి వినిపించాలంటే ముందు తను అర్థం చేసుకోవాలి కదా. తెలుగు, ఇంగ్లీషు రెండూ పక్కపక్క పేజీల్లో ఉండే పాఠ్యపుస్తకాలు ఇప్పుడు మన రెండు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో ఉన్నాయి. సైన్సు పాఠం ముందు తెలుగు పేజీలో చదివి, తర్వాత ఇంగ్లీషు పేజీ చదవమంటాను. అది కూడా రీడింగ్ ప్రాక్టీసే, దానికి వేరే పుస్తకం కొనక్కర్లేదు.

మాటలు గుర్తుండడానికి మేం చేసేది చాలా చిన్న పని. పాత శుభలేఖలు తెమ్మంటాను, ఎవరింట్లోనైనా కట్టలు కట్టలు ఉంటాయి. వెనక ఖాళీగా ఉన్న అట్టని ముక్కలుగా కత్తిరిస్తాం. ఒకవైపు మాట, రెండోవైపు ఆ మాట వచ్చే వాక్యం, ఆ మాట ఉండాల్సిన చోట గీత. తెలుగు అర్థం రాయనివ్వను, నోటితో చెప్పాలి. ఇవాళ చూసిన ముక్క రేపు, తర్వాత మూడు రోజులకి, తర్వాత వారానికి మళ్ళీ తీయాలి. చూసి చదువుకోవడం కాదు, గీత దగ్గర మాట గుర్తు తెచ్చుకోవాలి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థుల మీద దీన్ని పరీక్షించారు. పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకి ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. కానీ ఒకసారి చదివి, పేజీ మూసి గుర్తున్నంత రాసుకున్నవాళ్ళకి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. పొద్దున బట్టీ పెట్టి మొదటి పీరియడ్ స్లిప్ టెస్టులో పదికి పది తెచ్చుకున్న పిల్లవాడు తర్వాతి సోమవారానికి ఖాళీ అయిపోవడం మీరూ చూసే ఉంటారు.

ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళకి. మాకు ఇంగ్లీషు రాదు, మేమేం చెబుతామండీ అంటారు మీటింగుకి వచ్చినప్పుడు. మీరు చెప్పనక్కర్లేదు, అడిగితే చాలు. ఇవాళ పాఠంలో ఏం జరిగింది, తెలుగులో చెప్పు అనండి. కథ అయితే కథలా, పాఠమైతే పాఠంలా. నత్తి నత్తిగా చెబుతుంటే ఫోన్ చూడకుండా వినండి. ఎక్కడ తడబడ్డాడో అక్కడే వాడికి అర్థం కాలేదని మీకు తెలిసిపోతుంది, దానికి ఇంగ్లీషు రావాల్సిన పని లేదు.

మా ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. వాళ్ళమ్మ కూలికి వెళ్తుంది, సంతకం దాకానే చదువు. రాత్రి కూర తరుగుతూ కూతురి చేత పాఠాలు చెప్పించుకుంటుంది. ఆవునమ్మిన మనిషి ఉన్న ఆ ప్యాసేజ్ చెప్పిన రోజున ఆ తల్లి అడిగిందట, "ఆవునమ్మేసి డబ్బులు పుచ్చుకున్నోడు మళ్ళీ ఎందుకొచ్చాడే?" అని. అమ్మాయికి తెలియలేదు. లైటు కింద కూర్చుని ప్యాసేజ్ అంతా మళ్ళీ చదివిందట, రెండుసార్లు. పొద్దున్నే ప్రేయర్ కాకముందే స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడింది, నోట్‌బుక్ గుండెకి హత్తుకుని. "మేడమ్, అతనెందుకొచ్చాడో ఇందులో రాయలేదు. మా అమ్మకి ఏం చెప్పమంటారు?"