అతిథి ఇంటికెళ్లి చెప్పుకునే ఇరవై నిమిషాలు

అందరికీ నమస్కారం. కంపెనీల మార్కెటింగ్ విభాగాల నుంచి వచ్చిన మిత్రులకు, ఈవెంట్ల పనిలోకి కొత్తగా అడుగుపెట్టిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ప్రత్యేకంగా నమస్కారం.

క్లయింట్ల కోసం పెట్టే కార్యక్రమాల్లో వినోదాన్ని ఎట్లా ఎంచుకోవాలో చెప్పమన్నారు. హన్మకొండలో ఉండి ఈ పని చేస్తున్నవాణ్ని, అందుకే మన చుట్టుపక్కల సంగతే చెప్తాను. ఇక్కడ క్లయింటు అంటే ఎవరు? మడికొండ ఐటీ పార్కుకు వచ్చే విదేశీ కస్టమరు కావచ్చు. ఎక్కువసార్లు మాత్రం నర్సంపేట, పరకాల, జమ్మికుంటల నుంచి వచ్చే విత్తనాల డీలరు, ఏనుమాముల మార్కెట్లో మిర్చి కొనే వ్యాపారి, పెద్దపల్లి రైసు మిల్లు యజమాని, కరీంనగర్ గ్రానైటు ఎగుమతిదారు. పొద్దున షాపు తెరిచి, మధ్యాహ్నం పిల్లవాడికి అప్పజెప్పి, ఎండలో ప్రయాణం చేసి సాయంత్రానికి హాలుకు చేరతారు. కొత్త హైబ్రిడ్ల గురించి, స్కీముల గురించి రెండు గంటలు కూర్చొని వింటారు. ఆ తర్వాత మనం వాళ్ల ముందు ఏం పెడుతున్నాం?

ఆర్కెస్ట్రా, యాంకరు, ఆరుగురు పిల్లల డ్యాన్స్ ట్రూపు. నాలుగు సినిమా పాటలు, మధ్యలో లక్కీ డ్రా. వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ డీలరు అదే ప్రోగ్రామును పోయిన నెల ఇంకో కంపెనీ మీట్‌లో చూశాడు. మేనల్లుడి సంగీత్‌లో చూశాడు. బ్యానరు మీద పేరు తప్ప మిగతాదంతా ఒక్కటే అయినప్పుడు మీ పేరు అతనికి ఎట్లా గుర్తుంటుంది?

అందుకే బడ్జెట్ కాగితం తీసే ముందు నేను ఒక్క ప్రశ్న అడుగుతాను. మర్నాడు పొద్దున షాపులో గల్లా దగ్గర కూర్చొని, వచ్చిన రైతుతో అతను రాత్రి సంగతి ఏమని చెప్తాడు? నా అనుభవంలో జనం చెప్పుకునేది ఒక మనిషి గురించి. అతని గొంతు గురించి, అడుగు గురించి, తమ కళ్లముందు జరిగిన ఒక్క ఘట్టం గురించి. అందుకే ఆరు ఐటెములు వద్దంటాను. ఒక్కటి తీసుకోండి. దానికి ఇరవై నిమిషాలు అడ్డు లేకుండా ఇవ్వండి.

ఆ ఒక్కటీ ఏదైతే బాగుంటుంది? విత్తనాలు, ఎరువుల డీలర్ల సభకైతే నా మొదటి మాట ఒగ్గుకథ, అంటే డోలు, తాళాలతో మల్లన్న, బీరప్ప దేవుళ్ల కథ పాడి చెప్పడం. మన పల్లెల్లో ఎన్నో ఇళ్లలో మల్లన్నకు పట్నం వేస్తారు, అంటే రంగుల ముగ్గు వేసి కొలుస్తారు. ఆ డోలు, ఆ రాగం చిన్నప్పటి నుంచి చెవిలో ఉన్నవాళ్లే సభలో సగం మంది ఉంటారు. జనగామ ప్రాంతంలోని మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య గారు, 2017లో పోయారు, ఆ కథను ఊరి పందిరి కింది నుంచి పెద్ద వేదికల మీదికి తీసుకొచ్చారు, కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆ బాటలో నడుస్తున్న బృందాలు మన దగ్గర ఇంకా ఉన్నాయి. పొద్దుపోయే దాకా, తెల్లవారే దాకా సాగే కథను ఇరవై నిమిషాల్లో ఎట్లా చెప్పిస్తారని అడుగుతారు. కథంతా చెప్పించకూడదు. బీరప్ప కథలోనో, మల్లన్న కథలోనో నవ్వూ ఏడుపూ రెండూ ఉన్న ఒక్క ఘట్టం ఎంచమని ప్రధాన కథకుడినే అడగండి. ఏది తెగుతుందో, ఏది తెగకూడదో ఆయనకే తెలుసు. మనం స్క్రిప్టు రాసి చేతికివ్వడం అవమానం, పైగా పని కూడా చెడుతుంది.

దీంట్లో ఇంకో సంగతి ఉంది. ఒగ్గు పూజారులు పట్నాలు వేసి, మల్లన్న పెళ్లి జరిపించడం దేవుడి కార్యం. వేదిక మీద కథ చెప్పడం కళ. కంపెనీ సభకు కథనే అడగాలి, పట్నం అడగకూడదు. తేదీ కూడా చూసుకోవాలి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతర నడుస్తుంది, ఆదివారాలైతే జనసముద్రం. ఐనవోలు జాతరా సంక్రాంతికే మొదలవుతుంది. ఆ రోజుల్లో మంచి బృందం దొరకదు, దొరికినా అలసిపోయి ఉంటుంది. అదృష్టం ఏమిటంటే విత్తన కంపెనీల మీట్‌లు వానాకాలం సాగుకు ముందు, ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. అప్పటికి ఉగాది దాటిపోతుంది.

కంపెనీ వాళ్లు తప్పకుండా అడిగే కోరిక ఒకటుంది. మా విత్తనం పేరు కథలో నాలుగుసార్లు రావాలి అంటారు. నేను ఒప్పుకోను. మొదట్లో, అతిథులకు స్వాగతం చెప్పేటప్పుడు కథకుడు ఒకసారి కంపెనీ పేరు చెప్తే అందం. మల్లన్న బాధపడే చోట మీ ప్యాకెట్టు పేరు వినిపిస్తే విన్నవాడి మనసు అక్కడే విరుగుతుంది. అమ్మకం సంగతి అప్పటికే రెండు గంటలు చెప్పారు కదా.

సౌండ్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. డోలుకు మైకు అక్కర్లేదు. గాజు గోడలు, ఫాల్స్ సీలింగ్ ఉన్న బాంక్వెట్ హాల్లో డోలు మైకు పెంచితే కథ ఒక్క ముక్క వినపడదు. గొంతుకు కాలర్ మైకు, వంతపాటకు ఇంకో మైకు, తాళాలకు కొంచెం దూరంగా ఒకటి, అంతే చాలు. పదిమందికి పైగా డోళ్లతో చేసే ఒగ్గుడోలు విన్యాసం కావాలంటే లాన్‌లో, అతిథులు లోపలికి వచ్చే వేళ పెట్టండి. డప్పు బృందాన్ని పిలిస్తే ఆరుబయట కొంత జాగా చూపించండి. డప్పు తోలును మంట మీద కాచుకుంటే తప్ప గొంతు పలకదు. హోటలు మేనేజరుకు ఆ సంగతి ముందే చెప్పకపోతే ఆఖరి నిమిషంలో నిప్పు వద్దంటారు.

బయటి రాష్ట్రాల నుంచో, దేశాల నుంచో వచ్చిన క్లయింట్లకు కథ భాష అడ్డమవుతుంది. వాళ్లకు కాకతీయుల కాలం నాటి పేరిణి నృత్యం. కాకతీయ రాజు గణపతిదేవుని గజబలానికి అధిపతి జాయప సేనాని 13వ శతాబ్దంలో రాసిన నృత్త రత్నావళిలో పేరిణి లక్షణాలున్నాయి. ఆ గ్రంథాన్నీ, రామప్ప గుడి శిల్పాల్లోని నాట్య భంగిమలనూ పట్టుకొని నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు ఆ నృత్యానికి మళ్లీ ప్రాణం పోశారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వరంగల్ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు. వీలైతే అతిథులను మధ్యాహ్నం ఆ గుడి ఉన్న పాలంపేట తీసుకెళ్లి మదనికల శిల్పాలు చూపించండి, సాయంత్రం అవే భంగిమలు కదులుతుంటే చూడనివ్వండి. ఆ క్లయింట్లు ఇంటికెళ్లి చెప్పుకునేది అదే. పేరిణికి పది, పన్నెండు నిమిషాలు చాలు. స్టేజీ మీద మెత్తటి కార్పెట్ తీసేయించండి, లేకపోతే గజ్జెల దరువు నేలలో కలిసిపోతుంది.

ఇరవై, ముప్పై మంది పెద్ద క్లయింట్లతో చిన్న విందు పెడితే ఇంకో దారి ఉంది. చేర్యాల నకాషీ పటం. కాకిపడగల వాళ్లు ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలున్న గుడ్డ చుట్టను ఒక్కో గడిగా విప్పుతూ కథ చెప్తారు. ఐదువందల మంది హాల్లో అది పోతుంది. చిన్న గదిలో అయితే చివరి గడి దాకా ఎవరూ ఫోను తీయరు.

మిమిక్రీ గురించి వరంగల్‌లో మాట్లాడకుండా ఎట్లా ఉంటాం? నేరెళ్ల వేణుమాధవ్ గారి ఊరు ఇది. 1971లో ఐక్యరాజ్య సమితిలో ప్రదర్శన ఇచ్చి, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. అన్ని వయసుల వాళ్లున్న సభకు మంచి మిమిక్రీ కళాకారుడు ఇప్పటికీ మేలైన ఎంపిక. నాయకుల గొంతులు ఎంతవరకు అన్నది మాత్రం ముందే మాట్లాడుకోండి. సభలో ఏ పార్టీ వాళ్లున్నారో మనకు తెలియదు. ఊరి యాసనూ, కులాన్నీ వెక్కిరించే ముక్క ఏదైనా ఉంటే ఒప్పందం దగ్గరే వద్దని చెప్పండి.

కొన్నింటిని తీసుకురావద్దని గట్టిగా చెప్తాను. ఆదిలాబాద్ వైపు రాజ్‌గోండుల గుస్సాడీ దీపావళికి వచ్చే దండారీ పండుగలో నిష్ఠతో చేసే నృత్యం. మార్లవాయికి చెందిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చాక నెమలి ఈకల టోపీల మీద ఈవెంట్ వాళ్ల కన్ను పడింది. గోండు బృందం తమంతట తాము ఒప్పుకుని, తమ పెద్దల మాట ప్రకారం వస్తే సంతోషం. నలుగురు డ్యాన్సర్లకు అద్దె టోపీలు పెట్టి గుస్సాడీ అని పిలవడం ఆ జాతి దేవుడితో ఆడుకోవడమే. మేడారం శివసత్తుల పూనకాన్ని స్టేజీ ఎక్కించమన్నా నా జవాబు ఇదే. మార్చి నెలలో కాగితం పూలతో బతుకమ్మ పేర్పించడం కూడా నాకు నచ్చదు. తంగేడు, గునుగు పూసే కాలంలో, కుటుంబాలతో వచ్చే సభలో అయితే ఆడపడుచులే ఆడుకుంటారు, మనం జాగా చూపిస్తే చాలు.

అతిథులను చేయి పట్టి స్టేజీ మీదికి లాగి డ్యాన్సు చేయించడం మానేయండి. అరవై ఏళ్ల వ్యాపారి తన ఊరివాళ్ల ముందు ఇబ్బంది పడితే, ఆ రాత్రిని అతను మరిచిపోడు, మీరు కోరుకున్న రీతిలో మాత్రం కాదు.

సినిమా పాటలే కావాలనుకుంటే చట్టం చూసుకోండి. పెళ్లికీ, దేవుడి కార్యానికీ కాపీరైట్ చట్టంలో ఇచ్చిన మినహాయింపు కంపెనీ సభకు వర్తించదు. రికార్డు పాట వేసినా, ఆర్కెస్ట్రా పాడినా హక్కుదారుల సంస్థల నుంచి లైసెన్సు తీసుకోవాలి. లాన్‌లో పెట్టే సభ అయితే రాత్రి పదికి లౌడ్‌స్పీకర్లు ఆగాలని శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తున్నాయి. అందుకే ముఖ్యమైన ప్రదర్శన ఎనిమిదింటి లోపు మొదలవ్వాలి.

ఎనిమిదింటి లోపు అనడానికి ఇంకో కారణం భోజనం. తినేవాళ్ల ముందు కథ చెప్పించకండి. ప్లేట్ల చప్పుడులో, జనం బిర్యానీ కౌంటరు దగ్గర వరుసలో నిలబడి వీపు తిప్పుకుంటే, ముప్పై ఏళ్లుగా పాడుతున్న మనిషి ఎవరి కోసం పాడాలి? ప్రదర్శన అయ్యాకే కౌంటర్లు తెరవాలని క్యాటరింగ్ వాళ్లతో రాసుకోండి. డ్రింక్స్ ఉంటే అవీ ఆ తర్వాతే.

చివరగా పైసల సంగతి. కంపెనీలు వెండర్ రిజిస్ట్రేషన్ అడుగుతాయి, జీఎస్టీ బిల్లు అడుగుతాయి, నెలలు గడిచాక డబ్బు వేస్తాయి. ఒగ్గు బృందం దగ్గర అవి ఎక్కడివి? ఆ కాగితాల భారం మనం మోయాలి. సగం అడ్వాన్సుగా, మిగతా సగం అదే రాత్రి వాళ్ల చేతికివ్వాలి, కంపెనీ మనకు ఎప్పుడిచ్చినా సరే. అతిథులకు వడ్డించిన భోజనమే వాళ్లకూ వడ్డించాలి, మిగిలింది కాదు. మేకప్ వేసుకోవడానికి ఫ్యానూ అద్దమూ ఉన్న గది ఇవ్వాలి, మెట్ల కింద మూల కాదు. జనగామ, దేవరుప్పుల వైపు పల్లెలకు రాత్రి పదకొండు దాటితే బస్సు దొరకదు, డోళ్లతో బస్టాండులో తెల్లవార్లూ కూర్చోలేరు. వాళ్లను ఇంటికి చేర్చే బండి ఖర్చు మీ కొటేషన్‌లో సౌండ్ సిస్టమ్ కంటే పైన రాయండి. కంపెనీ దాన్ని కొట్టేస్తే పూలదండల ఖర్చు తగ్గించండి, బండి మాత్రం తీయకండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. వచ్చే నెలలో ఎవరికైనా డీలర్ మీట్ ఉంటే ముందు వాళ్లు అడగండి.