చిన్నపిల్లలతో ఫాల్ (ఆకురాలే కాలం) షికార్లు, హాలోవీన్: ఒక పూటకి ఒక్క సరదా చాలు

నమస్తే అండీ. అక్టోబర్ వచ్చిందంటే ఇక్కడ న్యూజెర్సీలో మనవాళ్ళ ఇళ్ళల్లో ఊపిరి సలపదు. బతుకమ్మ, దసరా, బొమ్మల కొలువు పేరంటాలు, ఆ వెనకాలే దీపావళి. పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ వెళ్ళి మిఠాయిలు తెచ్చుకునే హాలోవీన్ కూడా అప్పుడే. 2024లో అయితే దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబర్ 31నే పడ్డాయి. ఇవి చాలవన్నట్టు డేకేర్ నుంచి కబుర్లు మొదలవుతాయి. ఫలానా రోజు పంకిన్ పాచ్ (గుమ్మడికాయలు ఎంచుకునే పొలం), ఫలానా రోజు కాస్ట్యూమ్ పరేడ్ (వేషాల ఊరేగింపు) అని.

ఈ హడావుడిలో బాగా నలిగిపోయేది రెండు మూడేళ్ళ పిల్లలు. పొద్దున యాపిల్ తోట, అటునుంచి అటే కార్న్ మేజ్ (మొక్కజొన్న చేలో దారి వెతుక్కునే ఆట), సాయంత్రం ఎవరింట్లోనో పార్టీ అని పెట్టుకుంటే మధ్యాహ్నానికల్లా పిల్ల ఏడుపు, మనకి విసుగు. నేను గట్టిగా నమ్మేది ఒకటే. ఐదేళ్ళలోపు పిల్లలతో ఒక పూటకి ఒక్క సరదా పెట్టుకోవాలి. అది పొద్దున్నే పెట్టుకుని, నిద్ర టైముకి ఇల్లు చేరిపోవాలి. ఈ వీడియోలో చెప్పేవన్నీ ఆ లెక్కలోనే చెప్తాను.

ముందు యాపిల్ తోట సంగతి. మనకి దగ్గర్లో ప్రిన్స్‌టన్ పక్కన టెర్హ్యూన్ ఆర్చర్డ్స్, చెస్టర్‌లో ఆల్‌స్టెడ్ ఫార్మ్స్ లాంటివి ఉన్నాయి. గాలా, హనీక్రిస్ప్ లాంటి రకాలు సెప్టెంబర్‌లోనే వచ్చేస్తాయి. ఫ్యూజీ కావాలంటే అక్టోబర్ దాకా ఆగాలి. బయల్దేరేముందు ఆ ఫార్మ్ వెబ్‌సైట్ చూసుకోండి. ఈ వారం ఏ రకం కోతకి వచ్చిందో అందులో రాస్తారు, టికెట్ ముందే కొనాలా లేదా కూడా తెలుస్తుంది. అక్టోబర్‌లో సెలవొచ్చే కొలంబస్ డే వారాంతం మాత్రం వదిలేయండి. పార్కింగ్‌లోనే గంట పోతుంది. డేకేర్‌కి సెలవున్న మామూలు పనిరోజు దొరికితే అంతకన్నా మంచిది లేదు.

ఈ తోటల్లో చాలా చెట్లు పొట్టి రకాలు. కొమ్మలు పిల్లల చేతికి అందేంత కిందకి ఉంటాయి. అందుకే మీరు కోసి సంచి నింపేయకండి, పిల్లలచేత కోయించండి. ఇదిగో, ఎలాగో చూపిస్తాను. కాయని ఇలా అరచేతిలో పట్టుకుని, కొంచెం పైకి ఎత్తి, మెల్లిగా తిప్పాలి. పండినదైతే తొడిమతో సహా చేతిలోకి వచ్చేస్తుంది. కిందకి గుంజకూడదు. గుంజితే కాయతో పాటు ఆ పొట్టి రెమ్మ కూడా విరిగొస్తుంది, వచ్చే ఏడాది పూత దాని మీదే రావాలి. "పైకి, తిప్పు" అని రెండు మాటలు నేర్పండి చాలు. మా చిన్నోడు కాయ కోసిన ప్రతిసారీ పాటలాగా అదే అంటుంటాడు. కింద రాలిన కాయలు మాత్రం తిననివ్వద్దు. జింకలూ పక్షులూ తిరిగే నేల అది, రెట్టా పెంటా ఉంటాయి.

అక్కడ యాపిల్ సైడర్, అంటే తాజాగా పిండిన యాపిల్ రసం, అమ్ముతారు. పిల్లలకి పాశ్చరైజ్ చేసిందే, అంటే క్రిములు చచ్చేలా వేడిచేసిందే ఇవ్వాలి. చెయ్యని సైడర్‌ని సీసాలో అమ్మితే దాని మీద హెచ్చరిక ముద్రించాలని ఇక్కడ రూలు ఉంది. కానీ గ్లాసులో పోసిచ్చేదానికి ఆ లేబుల్ ఉండదు కదా, అందుకని నోరు తెరిచి అడగండి. మేకల్నీ గొర్రెల్నీ ముట్టుకున్నాక సబ్బు, నీళ్ళతోనే చేతులు కడిగించి, ఆ తరవాతే సైడర్ డోనట్ చేతికివ్వండి. దగ్గర్లో నీళ్ళు లేనప్పుడు తప్ప శానిటైజర్‌తో సరిపెట్టకండి.

స్ట్రోలర్ గురించి ఒక మాట. బురదలో, గడ్డిలో చిన్న చక్రాలు అస్సలు కదలవు. ఏడాదిలోపు బిడ్డయితే బేబీ క్యారియర్‌లో కట్టుకోండి. నడిచే పిల్లలకి వానబూట్లు వేసి, డైపర్ బ్యాగులో ఇంకో జత ప్యాంటు, సాక్సులు పెట్టుకోండి. అమ్మమ్మలు, తాతయ్యలు ఇండియా నుంచి వచ్చి ఉంటే హే రైడ్ ఎక్కించేముందు ఆలోచించండి. గడ్డిమోపుల మీద కూర్చోవాలి, వీపుకి ఆసరా ఉండదు, ట్రాక్టర్ కుదుపులు బాగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని ఆ చెట్ల కిందే కుర్చీ వేసి కూర్చోబెట్టి, మనవడు కోసుకొచ్చిన కాయల్ని వాళ్ళచేత సంచిలో వేయించండి. పెద్దవాళ్ళకీ అదే హాయిగా ఉంటుంది.

ఇక ఆకులు. న్యూజెర్సీ ఉత్తరాన అక్టోబర్ మధ్యలో, మన ఎడిసన్ వైపు నెలాఖరుకి రంగులు బాగా వస్తాయి. దీనికి పెద్ద పార్కే అక్కర్లేదు, ఇంటి వెనక చెట్టున్నా చాలు. ఒక పేపర్ బ్యాగ్ ఇచ్చి "నాకు ఒక ఎర్రాకు, ఒక పసుపాకు, నీ అరచేతికన్నా పెద్దాకు ఒకటి తే" అనండి. నాలుగేళ్ళ పిల్లలు ఎందుకు రంగు మారిందని తప్పకుండా అడుగుతారు. పసుపు రంగు ఆకులో ముందునుంచీ ఉన్నదే. పొద్దు తగ్గేకొద్దీ చెట్టు ఆకుపచ్చ పదార్థం తయారుచేయడం మానేస్తుంది, అప్పుడు దాక్కున్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం చాలావరకు అప్పటికప్పుడు ఆకులోని చక్కెరతో కొత్తగా తయారవుతుంది. ఇంత చెప్తే పిల్లలు ప్రతి పచ్చాకునీ పట్టుకుని "ఇందులో పసుపు దాక్కుందా?" అని అడుగుతారు. నాకు ఈ ఋతువులో అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న అది.

కానీ ఆకులు ఏరేటప్పుడు మీ కళ్ళు రెండు విషయాల మీద ఉండాలి. ఒకటి పాయిజన్ ఐవీ, ముట్టుకుంటే ఒళ్ళంతా దురద, దద్దుర్లు తెచ్చే మొక్క. ఫాల్‌లో అది ఎర్రగా ఎంతో అందంగా మారుతుంది, పిల్లల చెయ్యి ముందు అక్కడికే పోతుంది. ఒక కాడకి మూడు ఆకులు, నడిమి ఆకుకి కొంచెం పొడుగు కాడ, చెట్టు బోదెకి పాకిన నూగు తీగ కనిపించాయంటే దూరం జరగండి. రెండోది టిక్స్. మన ఊళ్ళో గేదెలకి పట్టే పిడుదుల్లాంటివే. చలి మొదలైతే పోతాయనుకుంటారు గానీ, లైమ్ జబ్బు తెచ్చే నల్లకాళ్ళ టిక్ పెద్దయ్యాక అక్టోబర్, నవంబర్‌లలోనే బాగా తిరుగుతుంది. ఇంటికి రాగానే బట్టలు విప్పి డ్రయ్యర్‌లో ఎక్కువ వేడిమీద పది నిమిషాలు వేయండి. రెండు గంటల్లోపు స్నానం చేయించండి. చెవుల వెనక, జుట్టు మొదళ్ళలో, చంకల్లో, మోకాళ్ళ వెనక, నడుము చుట్టూ వేలితో తడిమి చూడండి. కరుచుకుని ఉంటే నూనె పూయడం, అగ్గిపుల్ల పెట్టడం వద్దు. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా పైకి లాగాలి. ఆ చోటు సబ్బుతో కడిగి, తేదీ రాసిపెట్టుకుని, దద్దురు గానీ జ్వరం గానీ వస్తే డాక్టర్‌కి చూపించండి.

సరే, ఇప్పుడు గుమ్మడికాయ. (కెమెరా బల్ల మీదకి.)

ఇక్కడ రెండు కాయలు పెట్టాను. ఈ పెద్దది హాలోవీన్‌కి ముఖం చెక్కి లోపల లైటు పెట్టడానికి పెంచే రకం, లోపల పీచు ఎక్కువ, నీరు ఎక్కువ. ఈ చిన్నది షుగర్ పంకిన్, కూరకి పనికొచ్చేది. కాయ కొనేటప్పుడు తొడిమ పట్టుకుని ఎత్తకండి, ఊడొస్తుంది. తొడిమ ఊడిన చోటునుంచే కుళ్ళు మొదలవుతుంది. తిరగేసి అడుగున బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా ఉంటే వద్దు. పిల్లలకి మాత్రం వాళ్ళు రెండు చేతులతో ఎత్తగలిగిందే ఎంచుకోమనండి. వంకరగా ఉన్నా, మచ్చలున్నా సరే, అది వాళ్ళ కాయ.

చెక్కే పని పూర్తిగా పెద్దవాళ్ళది. కత్తి మన చేతిలో, చెంచా వాళ్ళ చేతిలో. మామూలుగా అందరూ పైన మూత కోస్తారు. నేను అడుగున కోస్తాను. అప్పుడు లైటు కింద పెట్టి కాయని పైన బోర్లించేయొచ్చు. ఇదిగో, అడుగు తీసేశాను. ఇప్పుడు లోపల చెయ్యి పెట్టమనండి. చల్లగా, జిగురుగా, పీచుగా తగులుతుంది. కొంతమంది కేరింతలు కొడతారు, కొంతమంది చెయ్యి వెనక్కి లాగేసుకుంటారు. వెనక్కి లాగితే బలవంతం చేయొద్దు. ఐస్‌క్రీమ్ తీసే గరిటె ఇవ్వండి, దానితో గీకుతారు. గోడ ఒక అంగుళం మందం ఉండేదాకా గీకి, ముఖం గీత పిల్లలచేత మార్కర్‌తో గీయించి, ఆ గీత మీద మీరు కోయండి. కన్ను బుగ్గ మీదకి వచ్చినా సరిచేయకండి.

చెక్కిన కాయ త్వరగా వాడిపోతుంది, బూజు పడుతుంది. అందుకని అక్టోబర్ 28కి ముందు కోయొద్దు. లోపల కొవ్వొత్తి బదులు బ్యాటరీ లైటు పెట్టండి. కాస్ట్యూమ్ వేసుకున్న పిల్లలు వంగి చూసేది దాన్నే. మూడేళ్ళలోపు పిల్లలకి అసలు చెక్కకుండా రంగులు వేయించడమే నయం, ఆ కాయ వారాల తరబడి ఉంటుంది.

గింజలు పారేయకండి. కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టి, నూనె, ఉప్పు, చిటికెడు కారం పట్టించి, 350 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో మధ్యలో ఒకసారి కలుపుతూ బంగారు రంగు వచ్చేదాకా వేయించండి. ఇవి మనకి. నాలుగేళ్ళలోపు పిల్లలకి పెట్టకండి, గొంతులో అడ్డం పడతాయి.

గుమ్మం ముందు ముఖం చెక్కిన గుమ్మడికాయ చూసి మా అత్తయ్యగారు "వీళ్ళూ దిష్టి తీస్తారా?" అని అడిగారు. ఆవిడ ఊహ చాలా దగ్గరికి వెళ్ళింది. ఈ ఆచారం ఐర్లండ్, స్కాట్లండ్ నుంచి వచ్చినవాళ్ళు 19వ శతాబ్దంలో అమెరికాకి తెచ్చింది. ఆ రాత్రి తిరిగే ఆత్మలు ఇంట్లోకి రాకుండా అక్కడ టర్నిప్ దుంపల మీద ముఖాలు చెక్కేవారు. ఇక్కడికొచ్చాక గుమ్మడికాయ దొరికింది. మనం గుమ్మానికి కట్టేది బూడిద గుమ్మడి, అది ఆసియా కాయే. మనం పులుసు పెట్టుకునే తియ్యగుమ్మడి జాతి మాత్రం ఈ అమెరికా ఖండాలనుంచే మన దేశం వచ్చింది. వేషాలేసుకుని ఇంటింటికీ తిరగడం ఏంటని అడిగే పెద్దవాళ్ళకి పగటివేషగాళ్ళని గుర్తుచేయండి. వెంటనే ఇష్టంగా కలిసిపోతారు.

ఇక 31వ తేదీ. కాస్ట్యూమ్ ఒక సైజు పెద్దది కొనండి, లోపల స్వెటర్ పట్టాలి. అంచు చీలమండ పైకి ఉండాలి. ముఖానికి మాస్క్ వద్దు, కళ్ళకి అడ్డొస్తుంది. రెండు రోజుల ముందే ఇంట్లో వేసి ఆడుకోనివ్వండి. గుచ్చుకునే లేబుల్, బిగుతుగా ఉండే టోపీ అప్పుడే తెలిసిపోతాయి. చివరి నిమిషంలో వేసుకోనంటే ఆ రోజుకి మామూలు స్వెటర్‌తోనే తీసుకెళ్ళండి, అక్కడ బతిమాలుతూ అరగంట పోగొట్టుకోకండి.

ఇంకో పని చేయండి, మా ఇంట్లో పిల్లలకి ఇది చాలా ఇష్టం. ఇంట్లోనే రిహార్సల్ చేయించాలి. నానమ్మ బెడ్‌రూమ్ లోపల గిన్నె పట్టుకుని కూర్చుంటుంది. పిల్లలు బయట తలుపు కొట్టాలి. తలుపు తీయగానే "ట్రిక్ ఆర్ ట్రీట్", ఒకటే తీసుకోవాలి, "థాంక్యూ", లోపలికి దూసుకెళ్ళకూడదు. గిన్నెలో కిస్‌మిస్ ప్యాకెట్లు పెట్టినా చాలు. సిగ్గుపడే పిల్లలు మాట అనకపోయినా ఫర్వాలేదు, చెయ్యి ఊపితే సరే అని ముందే చెప్పండి.

భయం సంగతి కొంచెం మనసుపెట్టి వినండి. ఇళ్ళ ముందు అలంకరణగా పెట్టే కదిలే అస్థిపంజరాలు, గాలి నింపిన దెయ్యాలు రెండేళ్ళ పిల్లలకి నిజమే. "ఇంత దానికే భయమా" అనొద్దు. ఆ వారంలో ఒక రోజు పగలు అదే వీధిలో నడిపించండి. ఏ ఇంటి ముందు చెయ్యి గట్టిగా పట్టుకుంటున్నారో చూసుకోండి. ఆ ఇల్లు మన లిస్టులో లేదు, అంతే. పండగ రోజు అటు వెళ్ళాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి వైపునుంచి నడవండి.

అక్టోబర్ 31న ఇక్కడ ఆరు కాకముందే పొద్దు వాలిపోతుంది. నాలుగున్నర, ఐదింటికల్లా బయల్దేరండి. మీ ఊళ్ళో వేళలు ప్రకటించి ఉంటే అవి చూసుకోండి. గుమ్మం లైటు ఆర్పి ఉంటే ఆ ఇంటివాళ్ళు మిఠాయిలు ఇవ్వట్లేదని అర్థం, బెల్లు కొట్టకండి. తెలిసినవాళ్ళ ఇళ్ళు నాలుగైదు చాలు. బ్యాగుకి మెరిసే టేపు అంటించండి, కార్లవాళ్ళకి కనిపిస్తుంది.

ఒక గుమ్మం ముందు ఆకుపచ్చ కలిసిన నీలం రంగు గుమ్మడికాయ కనిపించొచ్చు. ఆహార అలర్జీలున్న పిల్లలకోసం ఫేర్ అనే సంస్థ 2014లో దేశమంతటా మొదలుపెట్టిన పద్ధతి అది. ఆ ఇంట్లో తినేవి కాకుండా స్టిక్కర్లు, క్రేయాన్ల లాంటివి కూడా ఇస్తారు. మీ గుమ్మంలోనూ ఒకటి పెట్టండి. వేరుశెనగ పడని బిడ్డకి ఖాళీ చేతులతో వెళ్ళాల్సిన పని ఉండదు.

ఇంటికొచ్చాక తినేముందు బ్యాగు బల్ల మీద బోర్లించండి. చిరిగిన ప్యాకెట్లు పక్కకి. నాలుగేళ్ళలోపు పిల్లలకి గట్టి చాక్లెట్ బిళ్ళలు, అతుక్కునే క్యారమెల్, చూయింగ్ గమ్, పాప్‌కార్న్, గింజలున్నవి వద్దు. స్నికర్స్, రీసెస్ రెండిట్లోనూ వేరుశెనగ ఉంటుంది. శాకాహారులైతే మార్ష్‌మాలోలు, గమ్మీ బేర్లు, క్యాండీ కార్న్ వెనక్కి తిప్పి జెలటిన్ (జంతువులనుంచి తీసేది) ఉందేమో చదవండి, సాధారణంగా ఉంటుంది. మిగిలినవాటిలో ఆ రాత్రికి రెండు వాళ్ళనే ఎంచుకోనివ్వండి. తక్కినవి డబ్బాలో.

నవంబర్ ఒకటిన చెక్కిన కాయ కంపోస్ట్‌లోకి, రంగులేసినది చెత్తలోకి. ఈ చిన్న షుగర్ పంకిన్ మాత్రం పులుసుకి. తొక్క గట్టిగా ఉంటుంది కాబట్టి ముందు మైక్రోవేవ్‌లో, నాలుగైదు చోట్ల కత్తిమొనతో గుచ్చి, రెండు మూడు నిమిషాలు పెడితే తేలిగ్గా తెగుతుంది. పెద్ద ముక్కలు కోసి, చింతపండు రసం, బెల్లం వేసి, ముక్క చెంచాతో చిదిమితే చితికేదాకా ఉడకనివ్వండి. ఆఖర్న ఆవాలు, మెంతులు, ఇంగువ, కరివేపాకు, రెండు పచ్చిమిరపకాయలతో పోపు పెట్టండి. పిల్లలకి కారం తగిలించకుండా పోపుకి ముందే ఒక గిన్నె తీసి పక్కన పెట్టుకోండి, వేడన్నంలో నెయ్యి వేసి కలిపి పెట్టొచ్చు.