మరొక్క ఏడాది

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఆదివారం మధ్యాహ్నం పిల్లలతో సహా వచ్చిన క్లీవ్‌లాండ్ తెలుగు కుటుంబాలన్నిటికీ నమస్కారం. త్యాగరాజ ఆరాధనోత్సవాల వల్ల మనవారెందరికో తెలిసిన ఈ ఊరిలో, అమెరికన్ ఫుట్‌బాల్ గురించి తెలుగులో మాట్లాడమని అడిగిన నిర్వాహకులకు నా కృతజ్ఞతలు. తడబడుతున్న క్వార్టర్‌బ్యాక్‌ను జట్టు మరో ఏడాది ఉంచుకోవాలా వద్దా అన్నది నాకిచ్చిన అంశం. అన్ని జట్ల సంగతీ నేను చెప్పలేను. మన క్లీవ్‌లాండ్ జట్టు బ్రౌన్స్ గురించి, దాని క్వార్టర్‌బ్యాక్‌గా ఉండిన బేకర్ మేఫీల్డ్ గురించి చెబుతాను, ఎందుకంటే ఆ విషయంలో నేను చేసిన తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తోంది.

ఆట తెలియని పెద్దల కోసం ఒక్క మాట. దాడికి దిగిన జట్టులో బంతి దాదాపు ప్రతిసారీ ముందుగా క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. ఎదుటివారు మీద పడేలోపు, రెండు మూడు సెకన్లలో, అతడు దాన్ని ఎవరికి అందించాలో నిర్ణయించుకోవాలి. గెలిస్తే కీర్తి, ఓడితే నింద, రెండూ అతనివే.

2017లో బ్రౌన్స్ ఆడిన 16 ఆటల్లో ఒక్కటీ గెలవలేదు. 2018 డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఏటేటి కార్యక్రమంలో, మొదటి ఎంపికగా మేఫీల్డ్‌ను తెచ్చుకున్నారు. ఆ సెప్టెంబరు 20న జెట్స్‌తో ఆటలో 14 పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడు, గాయపడిన టైరాడ్ టేలర్ స్థానంలో అతడు మైదానంలోకి వచ్చాడు. 21-17తో గెలిచాం. 635 రోజుల తర్వాత దక్కిన గెలుపు అది. మూడో ఏడాది, 2021 జనవరిలో, పిట్స్‌బర్గ్ మైదానంలోనే స్టీలర్స్‌ను 48-37తో ఓడించాడు. 1994 సీజన్ తర్వాత మనకు ప్లేఆఫ్‌లలో, అంటే సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో, అదే తొలి విజయం. ఈ రెండు రాత్రులనూ గుర్తుంచుకోండి, మిగిలిన కథంతా వీటిని మరచిపోవడం వల్లే జరిగింది.

2021 సీజన్ రెండో వారంలో టెక్సన్స్‌తో ఆడుతూ, తాను విసిరిన బంతిని అందుకుని పారిపోతున్న ప్రత్యర్థిని ఆపబోయి ఎడమ భుజానికి దెబ్బ తగిలించుకున్నాడు. కుడిచేతివాటం కాబట్టి పట్టీ కట్టి ఆడించారు, అతడూ ఆడాడు. ఆ ఏడాది పాయింట్లు తెచ్చిన విసుర్లు, అంటే టచ్‌డౌన్లు, 17; ఎదుటివారి చేతికి చిక్కినవి, అంటే ఇంటర్‌సెప్షన్లు, 13. అంకెలు బాగాలేవు, కాదనను.

2022 జనవరి 3 రాత్రి పిట్స్‌బర్గ్‌లో అతణ్ణి తొమ్మిదిసార్లు నేల కూల్చారు. అప్పుడు మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఏళ్లతరబడి పిల్లలకు కబడ్డీ నేర్పిన మనిషి. ఈ ఆట నియమాలు ఆయనకు ఒక్కటీ తెలియవు. నేను మేఫీల్డ్‌ను తిడుతుంటే చాలాసేపు ఊరుకుని, చివరికి "ఆ అబ్బాయి ఎడమ చెయ్యి పైకెత్తడం లేదు, చూశావా?" అన్నారు. చూడలేదు. నేను స్కోరు చూస్తున్నాను. "దెబ్బ మానకుండా దింపిన కుర్రాడి మీద తీర్పు చెప్పకూడదురా, మానాక ఆడించి చూడాలి" అన్నారు. ఆ నెలలోనే అతడికి భుజానికి శస్త్రచికిత్స జరిగింది.

అయినా మార్చిలో మరో క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్ వస్తున్నాడనగానే సంబరపడినవారిలో నేనూ ఉన్నాను. మేఫీల్డే వెళ్లిపోతానన్నాడని కొందరు అంటారు. నిజమే, కానీ జట్టు వాట్సన్‌తో మాటలు మొదలుపెట్టాకే అతడు ఆ మాట అన్నాడు. మేఫీల్డ్‌కు మరో ఏడాదికి ఇవ్వవలసింది సుమారు 1.9 కోట్ల డాలర్లు. వాట్సన్‌కు అయిదేళ్లకు 23 కోట్ల డాలర్లు, ఆడినా ఆడకపోయినా పూర్తి హామీతో రాసిచ్చారు. అది చాలక మూడేళ్ల డ్రాఫ్టులలో తమ మొదటి రౌండ్ ఎంపికలు కూడా అతని పాత జట్టుకు ఇచ్చేశారు. మహిళలు చేసిన ఆరోపణల దరిమిలా లీగ్ అతణ్ణి 11 ఆటలకు నిషేధించింది. తర్వాత భుజం, ఆ తర్వాత మడమ. మొదటి మూడేళ్లలో అతడు మొదలుపెట్టిన ఆటలు 19.

అమ్మలారా, అయ్యలారా, మీలో ఎంతమంది ఆ మార్చిలో నాలాగే సంతోషించారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. కొత్త పేరు వినగానే పాత మనిషి గాయం మనకు కనపడకుండా పోయింది.

ప్రతి క్వార్టర్‌బ్యాక్‌నూ ఉంచుకోవాలని నేను అనడం లేదు. ఒళ్లు బాగుండి, లైన్‌మెన్ నిలబడి కాపాడుతూ, ఒకే శిక్షకుడి కింద రెండు మూడేళ్లు ఆడి కూడా మెరుగుపడనివాణ్ణి పంపించవలసిందే. మేఫీల్డ్‌కు ఇక్కడ మొదటి మూడు సీజన్లలోనే, తాత్కాలిక శిక్షకుడితో కలిపి, నలుగురు ప్రధాన శిక్షకులు మారారు. అతడు బాగున్నప్పుడు ఎలా ఆడాడో 2020 చెప్పింది: 26 టచ్‌డౌన్లు, 8 ఇంటర్‌సెప్షన్లు, 11 గెలుపులు. పంపించేముందు ఆ అంకెలూ చూడవలసింది. అందుకే చెబుతున్నాను, మరొక్క ఏడాది ఉంచుకుని ఉండవలసింది.

2023లో టాంపా బే జట్టు అతణ్ణి 40 లక్షల డాలర్లకు తీసుకుంది. 2024 జనవరి 13న మన బ్రౌన్స్ ప్లేఆఫ్‌లలో 45-14తో హ్యూస్టన్‌లో ఓడిపోయారు. రెండు రోజులకు మేఫీల్డ్ మూడు టచ్‌డౌన్లు విసిరి ఈగిల్స్‌ను 32-9తో గెలిచాడు. ఆ ఆట ముగిసేసరికి తెనాలిలో పొద్దెక్కింది. నాన్నగారికి ఫోన్ చేసి స్కోరు చెప్పబోతే, ఆయన అది వినకుండా, ఎడమ చెయ్యి పైకెత్తుతున్నాడా అని అడిగారు. ఎత్తుతున్నాడని చెప్పాను.

నమస్కారం.