బోరు మూతి దగ్గర: తాడు, క్లిప్పు, షాకిల్ ఎంపిక

మిత్రులారా,

బోరులోంచి మోటారు లేపడం చూడనివారు ఈ హాలులో ఉండరనుకుంటాను. ముక్కాలి నిలబెట్టి, దానికి చైన్ పుల్లీ తగిలించి, పైపుకు క్లాంపు బిగించి, దాన్ని తాడుతో పుల్లీకి తగిలించి ఒక్కొక్క పైపునే పైకి లాగే ఆ కాస్త చోటులోనే వేలాడదీయడం, ఎత్తడం, కట్టి నిలపడం మూడూ జరుగుతాయి. అందువల్ల సామాను ఎంపిక గురించి నేను చెప్పదలచినదంతా ఈ ఒక్క పనిని పట్టుకునే చెబుతాను.

ముందుగా బరువు సంగతి. ఒకటిన్నర అంగుళం మీడియం జీఐ పైపు మీటరుకు సుమారు 3.6 కిలోలు తూగుతుంది. అంటే 20 అడుగుల పైపు ఒక్కటి 22 కిలోలు. పదిహేను పైపులు దించితే 330 కిలోలు. పంపు పైన నాన్ రిటర్న్ వాల్వు ఉంటుంది కనుక లేపేటప్పుడు పైపులోని నీరు కిందికి జారిపోదు, మీటరుకు మరో 1.4 కిలోల చొప్పున అదీ మన తాడు మీదే పడుతుంది. మోటారు, పంపు, కేబులు కలుపుకుంటే లెక్క 550 కిలోల దగ్గర తేలుతుంది. చాలామంది ఇక్కడ ఆగిపోయి, టన్ను మోసే తాడు చాలులే అనుకుంటారు.

అసలు పొరపాటు అక్కడే జరుగుతుంది. ఇసుక పేరుకునో, కేసింగు ఒరుసుకునో మోటారు ఇరుక్కున్నప్పుడు తాడు మీద పడేది మోటారు బరువు కాదు, పుల్లీ లాగగలిగినంత బలమూ పడుతుంది. రెండు టన్నుల పుల్లీ తగిలించి గొలుసు లాగుతూ పోతే, కింద ఉన్నది 550 కిలోలే అయినా తాడు రెండు టన్నులు మోయక తప్పదు. కాబట్టి షాకిల్ (పిన్నుతో మూసే యు ఆకారపు ఉక్కు కొలికి), హుక్కు, తాడు, క్లాంపు అన్నీ పుల్లీ సామర్థ్యాన్ని బట్టి ఎంచుకోవాలి తప్ప మోటారు తూకాన్ని బట్టి కాదు. అంత బలమైన సామాను లేనప్పుడు చిన్న పుల్లీ వాడటమే మేలు.

ఇక తాడు. నడుమ నార పోగు ఉన్న 12 మిల్లీమీటర్ల ఉక్కు తాడు, 1770 గ్రేడుదైతే (తీగ బలాన్ని చెప్పే అంకె అది), కొత్తగా ఉన్నప్పుడు దాదాపు 8 టన్నుల దగ్గర తెగుతుంది. అందులో ఐదో వంతు, అంటే 1.6 టన్నులు మాత్రమే పనికి లెక్క. ఆ కొసను మడిచి బుల్‌డాగ్ క్లిప్పులతో బిగిస్తే, సరిగ్గా బిగించినా, తాడు బలంలో 80 శాతమే మిగులుతుంది కనుక 1.3 టన్నులకు దిగాం. ముడి వేస్తే సగం పోయినట్టే. దుకాణంలో తాడు ఒక్కదాని బలమే చెబుతారు, క్లిప్పు దగ్గర ఎంత మిగులుతుందో మనమే లెక్క వేసుకోవాలి.

క్లిప్పు విషయంలో కొంచెం ఆగుదాం. దీనిలో గాడి ఉన్న దిమ్మె ఒకటి, యు ఆకారపు బోల్టు ఒకటి ఉంటాయి. దిమ్మె బరువు మోసే తాడు వైపు, యు బోల్టు మడిచిన కొస వైపు ఉండాలి. తిరగబెడితే బోల్టు బరువు మోసే తీగలనే నొక్కి నలిపేస్తుంది. ఒకటి ఇటు, ఒకటి అటు పెట్టేవారినీ చూశాను, అది చూడ్డానికి తీరుగా ఉంటుందేమో గాని తప్పు. ఈ తాడుకు కనీసం మూడు క్లిప్పులు కావాలి, వాటి మధ్య ఎడం తాడు మందానికి ఆరు రెట్లు, మడతలో థింబుల్, అంటే తాడు నలగకుండా లోపల పెట్టే గాడి ఉన్న లోహపు వంపు, తప్పనిసరి. నేను పనిలో చేరిన కొత్తలో మూడూ సక్రమంగానే బిగించాను, కానీ బరువు పడ్డాక మళ్లీ బిగించలేదు. బరువుకు తాడు సాగి కాస్త సన్నబడుతుందని అప్పటికి తెలియదు. మర్నాడు చూస్తే కొస జానెడు లోపలికి జారి, మూడో క్లిప్పు అంచున ఆగి ఉంది.

షాకిల్ గురించి ఎక్కువ చెప్పను. దాని మీద అచ్చు పోసిన పని బరువు, అంటే భద్రంగా మోయగలిగిన బరువు, లేకపోతే కొనకండి, పిన్ను పోతే మామూలు బోల్టు దూర్చకండి, పక్కకు లాగితే దాని బలం సగానికి పడిపోతుందని గుర్తుంచుకోండి. 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948లోని 29వ సెక్షను ప్రకారం ఇటువంటి ఎత్తే సామానును కనీసం 12 నెలలకు ఒకసారి అర్హత ఉన్నవారు పరీక్షించాల్సి ఉండేది. పొలం గట్టు ఫ్యాక్టరీ కాదు కనుక అక్కడికి ఇన్‌స్పెక్టరు రాడు, ఆ చూపు మనదే కావాలి.

హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ పైపు తేలిక, అయితే బరువుకు సాగుతుంది కనుక మోటారుకు విడిగా తాడు కడతారు. ఆ తాడు ప్లాస్టిక్‌దైతే నీళ్లలో, చీకట్లో ఏళ్ల తరబడి బాగానే ఉంటుంది. పాడయ్యేది బోరు మూతి పైన ఎండకు కనిపించే రెండు మూరల ముక్కే. చేత్తో నలిపితే పొడి రాలుతుందంటే అక్కడ తెగడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఉక్కు తాడును మాత్రం పేట విప్పి లోపల చూడాలి, తుప్పు అక్కడే మొదలవుతుంది.

చివరగా కేబులు. దాని మీద ఏ బరువూ పడకూడదు. పది అడుగులకొకచోట పైపుకు కట్టి, కట్టుకూ కట్టుకూ మధ్య కాస్త వదులు ఉంచాలి, లేకపోతే పైపు సాగినప్పుడు లాగుడంతా కేబులు అతుకు మీద పడుతుంది. కట్టడానికి ఇనుప తీగ వాడితే తొడుగు కోసుకుపోతుంది, పాత సైకిలు ట్యూబు ముక్క దానికంటే ఎంతో నయం. దించడం పూర్తయ్యాక స్టార్టరు పెట్టె తలుపు లోపల పైపుల సంఖ్య, తాడు మందం, దించిన తేదీ పెయింటుతో రాయండి. మళ్లీ లేపడానికి వచ్చేవారు ఏ పుల్లీ తెచ్చుకోవాలో అది చూసి తేల్చుకుంటారు.