ట్రాక్టర్ కంటే ముందు రోటావేటర్ కొనండి! మినీ ట్రాక్టర్లను చంపుతున్నది ఇదే

ముందు రోటావేటర్, అంటే ట్రాక్టర్ వెనక తగిలిస్తే బ్లేడ్లు తిరిగి మట్టిని మెత్తగా చేసే పనిముట్టు, అది కొనండి. ట్రాక్టర్ తర్వాత కొనండి.

మీరు సరిగ్గానే విన్నారు. షోరూంకి వెళ్లి, బానెట్ మీద పూలదండ వేయించి, కొబ్బరికాయ కొట్టి, కుటుంబంతో ఫొటో దిగి, అన్నీ అయ్యాక "అన్నా, దీని వెనక ఏం తగిలించాలి?" అని అడిగే పద్ధతి మానేయండి. ముందు మీ నేలకు ఏ పనిముట్టు కావాలో తేల్చుకోండి. అది ఎన్ని అడుగులో, ఎన్ని కిలోలో, ఎంత పవర్ అడుగుతుందో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం జేబులో పెట్టుకుని ట్రాక్టర్ చూడటానికి వెళ్లండి.

గొడవ మీకు తెలిసిందే. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. హైదరాబాద్ చుట్టుపక్కల మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, షాద్‌నగర్ వైపు రెండెకరాలో నాలుగెకరాలో ఉన్నవాళ్ల చూపు 20 నుంచి 30 హెచ్‌పీ (హార్స్‌పవర్) మినీ ట్రాక్టర్ల మీద పడింది. వెంటనే ఇంకో వర్గం వీడియోలు పెట్టి అందుకుంది. "అది బొమ్మ ట్రాక్టర్, మన నేలలో గుంజదు, ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్ 45 హెచ్‌పీ కొనుక్కో" అని. ఇప్పుడు ఇటు వాళ్లు అటు వాళ్లను తిడుతున్నారు, అటు వాళ్లు ఇటు వాళ్లను తిడుతున్నారు.

నాకు కోపం ఎక్కడొస్తుందంటే, ఆ "బొమ్మ ట్రాక్టర్" వీడియోల్లో నేను ట్రాక్టర్‌ని చూడను. దాని వెనక చూస్తాను. వెనక ఏముంటోంది? 5 అడుగుల రోటావేటర్! 24 హెచ్‌పీ బండికి 5 అడుగుల రోటావేటర్ కట్టి, నల్లరేగడిలో దింపి, ఇంజిన్ మూలుగుతుంటే "చూశారా, గుంజట్లేదు" అంటారు. ఎలా గుంజుతుందండీ? తప్పు బండిదా, కట్టినవాడిదా?

బానెట్ మీద రాసిన హెచ్‌పీ ఇంజిన్‌ది. మీ రోటావేటర్‌కి ఇంజిన్‌తో నేరుగా సంబంధం లేదు. దానికి పవర్ అందేది పీటీఓ నుంచి, అంటే వెనక తిరిగే ఆ షాఫ్ట్ నుంచి. అక్కడికి వచ్చేసరికి కొంత పవర్ పోతుంది. 24 హెచ్‌పీ ఇంజిన్ ఉన్న ఒక మోడల్‌లో పీటీఓ దగ్గర 22 ఉంటుంది, ఇంకో మోడల్‌లో ఇంకా తగ్గుతుంది. అమ్మేవాళ్లు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసేది మాత్రం ఇంజిన్ నంబరే. పీటీఓ హెచ్‌పీ ఎంత అని అడిగి చూడండి, చాలా చోట్ల బ్రోచర్ వెతుకుతారు. ఇంకా గట్టిగా తెలుసుకోవాలంటే మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో కేంద్ర ప్రభుత్వ టెస్టింగ్ సంస్థ ఉంది, అక్కడ ట్రాక్టర్లను పరీక్షించి రిపోర్టు ఇస్తారు. పీటీఓ పవర్ ఎంత, వెనక పనిముట్టుని ఎత్తే లిఫ్ట్ ఎంత బరువు ఎత్తింది, అన్నీ అందులో ఉంటాయి. "మీ మోడల్ టెస్ట్ రిపోర్ట్ చూపించండి" అని అడగండి. అడిగే హక్కు మీకుంది, లక్షలు పెడుతున్నారు.

ఇప్పుడు బరువు. అసలు హత్య జరిగేది ఇక్కడే.

చాలా మినీ ట్రాక్టర్ల లిఫ్ట్ కెపాసిటీ 750 కిలోలు అని రాసి ఉంటుంది. మామూలు 5 అడుగుల రోటావేటర్ 350 కిలోల పైమాటే. "అయితే సగమే కదా, ఇంకా చోటుంది" అంటారు. లేదండీ! ఆ 750 కొలిచేది సాధారణంగా కింది లింకు చేతుల చివర, అంటే పనిముట్టుని తగిలించే రెండు చేతుల కొసన. రోటావేటర్ బరువు అక్కడ ఉండదు, ఇంకా వెనక్కి ఉంటుంది. నీళ్ల బిందెని చంకలో పెట్టుకుని మైలు దూరం నడుస్తారు, అదే బిందెని చేయి చాపి పట్టుకోమంటే నిమిషం ఆగలేరు. లెక్క అదే. వెనక్కి వెళ్లేకొద్దీ బరువు పెరిగినట్టే. దానికి తోడు బ్లేడ్లకు అంటుకున్న తడి మట్టి. నల్లరేగడి తడిస్తే ఎలా పట్టుకుంటుందో చేవెళ్ల వైపు వాళ్లకు నేను చెప్పాలా?

ఇంకో సంగతి. మినీ ట్రాక్టర్లలో చాలావాటి సొంత బరువు టన్ను లోపే. వెనక అంత బరువు ఎత్తగానే ముందు చక్రాలు తేలికవుతాయి. గెట్టు ఎక్కేటప్పుడు ముందు భాగం లేస్తుంది. స్టీరింగ్ తిప్పుతారు, బండి తిరగదు. "ముందు వెయిట్లు వేసుకుంటాం" అంటారు కొందరు. వేసుకోండి, మంచిదే. కానీ సరిపోని పనిముట్టుని మోయడానికి వెయిట్లు వేస్తే ఆ భారం యాక్సిల్ మీద పడుతుంది.

అసలు 5 అడుగులు ఎందుకు, చెప్పండి. రోటావేటర్ వెడల్పు చక్రాల జాడను కప్పితే చాలు. మినీ ట్రాక్టర్ వెడల్పు చాలా మోడళ్లలో మీటరు, మీటరుంపావు. మూడున్నర నుంచి 4 అడుగుల రోటావేటర్ ఆ జాడని కప్పేస్తుంది. 5 అడుగులు అంటే మీటరున్నర! మరి అది ఎందుకు అంటగడుతున్నారు? నా గట్టి నమ్మకం ఏంటంటే, 35 నుంచి 45 హెచ్‌పీ బండ్లకు అమ్ముడుపోయే సైజు అదే కాబట్టి గోడౌన్‌లో ఎక్కువ ఉండేదీ అదే. చిన్న సైజు తెప్పించాలి, ఆగాలి. కొనేవాడేమో దసరాకి బండి ఇంటికి రావాలంటాడు. "ఇదే తీసుకోండి సార్, పెద్దది, పని తొందరగా అవుతుంది, రేటు తగ్గిస్తాం" అంటారు. అంతే, బండికి చావు రాసిపెట్టినట్టే.

శంకర్‌పల్లి దగ్గర మా తెలిసినాయనకి ఇదే జరిగింది. ఆ షోరూం పేరు చెప్పను. కొత్త బండి, కొత్త రోటావేటర్. మొదటి దుక్కికే షియర్ బోల్ట్ తెగింది. షియర్ బోల్ట్ అంటే తెగడానికే పెట్టిన బోల్ట్. బ్లేడ్ రాయికి తగిలితే గేర్‌బాక్స్ బతకాలని అది తెగుతుంది. ఆయన కొత్తది వేశాడు, మళ్లీ తెగింది. మెకానిక్ వచ్చి "అన్నా, ఇది మాటిమాటికీ తెగుతోంది, హై టెన్సైల్ బోల్ట్ వేస్తా, ఇక తెగదు" అన్నాడు. నిజమే, బోల్ట్ తెగలేదు. గేర్‌బాక్స్‌లో పళ్లు విరిగాయి. కొన్ని రూపాయల బోల్ట్ ఆపాల్సిన దెబ్బ వేల రూపాయల సామాను మీద పడింది.

అన్నా, అక్కా, దయచేసి వినండి. మీ రోటావేటర్ మాన్యువల్‌లో షియర్ బోల్ట్ గ్రేడ్ రాసి ఉంటుంది. సికింద్రాబాద్‌లో విడిభాగాలు దొరికే రాణిగంజ్ వెళ్లి అదే గ్రేడ్, అదే సైజు ఒక గుప్పెడు కొని టూల్ బాక్సులో పడేసుకోండి. హైదరాబాద్‌లో ఉండే లాభం ఇదేనండీ. బేరింగా, ఆయిల్ సీలా, బోల్టా, పిన్నా, పొద్దున రాణిగంజ్ వెళ్తే మధ్యాహ్నానికి పొలంలో ఉండొచ్చు. పాత సీల్ పట్టుకెళ్లి కౌంటర్ మీద పెట్టండి, దాని మీద నంబరు చూసి ఇస్తారు. బోల్ట్ పదే పదే తెగుతోందంటే మాత్రం బోల్ట్‌ని తిట్టకండి. రోటావేటర్ బండికి మించి పెద్దదై ఉంటుంది, లేదా నేల ముందు దున్నలేదు, లేదా రాళ్లు ఏరలేదు. మన రంగారెడ్డి చెలకల్లో రాళ్లు ఎన్నో మీకే తెలుసు. గట్టిపడ్డ నేలలో నేరుగా రోటావేటర్ దింపకండి. ముందు కల్టివేటర్ (గొర్రు) కొట్టండి. ఎండాకాలం లోతు దుక్కికి ఊళ్లో 45, 50 హెచ్‌పీ బండిని గంటల లెక్కన పిలిపించండి, తప్పేం లేదు. ఆ తర్వాత ఏడాదంతా మీ చిన్న బండే చూసుకుంటుంది.

పీటీఓ స్పీడ్ గురించి కూడా చెప్పాలి. మన దగ్గర అమ్మే మామూలు రోటావేటర్లు నిమిషానికి 540 చుట్లకు చేసినవి. కొన్ని మినీ ట్రాక్టర్లలో రెండో స్పీడ్ కూడా ఉంటుంది, ఒకదాంట్లో 750, ఇంకోదాంట్లో 980. అది స్ప్రేయర్ లాంటి తేలిక పనులకు. "మట్టి మెత్తగా రావట్లేదు" అని లివర్ అటు నెట్టేవాళ్లు ఉన్నారు. ముట్టుకోవద్దు! మట్టి మెత్తగా రావాలంటే గేర్ తగ్గించి నెమ్మదిగా నడపండి. మలుపు దగ్గర రోటావేటర్‌ని పూర్తిగా ఎత్తేముందు పీటీఓ ఆపండి. షాఫ్ట్ అంత వంపులో తిరిగితే దాని మడత దగ్గరుండే క్రాస్ జాయింట్ కటకటమంటుంది. ఆ శబ్దం విని కూడా ఆపకపోతే కొత్త జాయింట్‌కి డబ్బు పక్కన పెట్టుకోండి.

ఇక్కడ ఒక మాట, వీడియో స్కిప్ చేస్తున్నవాళ్లు కూడా ఆగండి. 540 అంటే సెకనుకు 9 చుట్లు. లుంగీ కొస, తువ్వాలు, చీర కొంగు, చున్నీ, ఏది చుట్టుకున్నా చెయ్యి వెనక్కి లాక్కునే సమయం ఉండదు. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ తొడుగు వస్తుంది కదా, గ్రీజు కొట్టడానికి అడ్డం అని దాన్ని పీకి షెడ్డులో పడేస్తారు. ఈ రోజే వెళ్లి తిరిగి తొడగండి. ఇంజిన్ ఆపకుండా బ్లేడ్లకు చుట్టుకున్న డ్రిప్ పైపులు, మల్చింగ్ షీట్ ముక్కలు పీకేవాళ్లను నేను కళ్లారా చూశాను. ఇంజిన్ ఆపండి, తాళం తీసి జేబులో పెట్టుకోండి, రోటావేటర్‌ని నేల మీద దించండి, అప్పుడు చెయ్యి పెట్టండి. పిల్లల్ని మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టి రీల్స్ తీసేవాళ్లకు చేతులెత్తి దండం పెడుతున్నా, మానేయండి.

నాలుగు చక్రాలకూ పవర్ ఇచ్చే ఫోర్ వీల్ డ్రైవ్ దగ్గరా ఇదే నిర్లక్ష్యం. పొలంలో వేసిన లివర్‌ని తీయకుండా తారు రోడ్డు మీద ఊళ్లోకి వచ్చేస్తారు. గట్టి రోడ్డు మీద ముందు చక్రాలు జారలేవు, ఆ బలమంతా లోపల గేర్ల మీద పడుతుంది, ముందు టైర్లు అరిగిపోతాయి. రోడ్డు ఎక్కగానే లివర్ తీసేయండి. ముందు టైర్లు మార్చేటప్పుడు కంపెనీ ఇచ్చిన సైజే వేయండి. ముందు, వెనక టైర్ల మధ్య లెక్క ఉంటుంది, అది తప్పితే ఫ్రంట్ యాక్సిల్ దెబ్బతింటుంది.

సర్వీసింగ్ సంగతి అందరూ చెప్తారు, నేను రెండు ముక్కల్లో చెప్తా. ఆయిల్ మార్చడానికి గంటలే కాదు, గడువు కూడా ఉంటుంది. మీటర్ ఎక్కువ తిరగలేదని ఏళ్ల తరబడి అదే ఆయిల్ ఉంచొద్దు. శని, ఆదివారాలు మాత్రమే పొలానికి వచ్చేవాళ్లు బ్యాటరీ టెర్మినల్ తీసి వెళ్లండి, ఎయిర్ ఫిల్టర్ విప్పి ఎర్ర దుమ్ము చూడండి, వైర్ల దగ్గర ఎలుకలు గూడు పెట్టాయేమో చూడండి. రోటావేటర్ గేర్‌బాక్స్‌కి కూడా ఆయిల్ ఉంటుంది, చాలామంది దాని మూత ఎక్కడుందో కూడా చూసుకోరు.

ఇంత కోపం ఎందుకంటే, ఈ బండ్లు నిజంగా మంచివి. సెకండ్ హ్యాండ్ 45 కొనుక్కోమనే వాళ్లు ఒక్కసారి అల్ట్రా హై డెన్సిటీ మామిడి తోటకి రండి. వరసల మధ్య 3 మీటర్లు, చెట్టుకి చెట్టుకి 2 మీటర్లు. కొమ్మలు పెరిగాక మీ 45 అందులో తిరుగుతుందా? కొమ్మలు విరగ్గొట్టుకుంటూ పోవాలి. చిన్న బండి హాయిగా వెళ్లొస్తుంది. మన హైదరాబాద్ పక్కనే జహీరాబాద్ ఫ్యాక్టరీలో మహీంద్రా ఓజా ట్రాక్టర్లు తయారవుతున్నాయి. 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఆ సిరీస్‌ని విడుదల చేశారు. మన ముంబై హైవే పక్కన తయారైన చిన్న ట్రాక్టర్లను ప్రపంచానికి చూపిస్తుంటే, ఇక్కడ మనం వాటికి సరిపోని రోటావేటర్ కట్టి బొమ్మ అంటున్నాం!

కాబట్టి కొటేషన్ అడిగేటప్పుడు ఇవి రాయించుకోండి: పీటీఓ హెచ్‌పీ, లిఫ్ట్ కెపాసిటీ, ఇచ్చే రోటావేటర్ అడుగులు, దాని బరువు, దానికి కావాల్సిన హెచ్‌పీ. తర్వాత డెమో మీ పొలంలోనే ఇమ్మనండి, వాళ్ల గ్రౌండ్‌లో వద్దు. అదే రోటావేటర్ కట్టి, మీ మట్టిలో, మీ గెట్టు ఎక్కించి చూపించమనండి. ఒప్పుకోకపోతే ఇంకో షోరూంకి వెళ్లండి.

ఇప్పటికే కొనేసినవాళ్లు మీ బండి మోడల్, రోటావేటర్ ఎన్ని అడుగులు, మీది ఎర్ర నేలా నల్ల నేలా, ఈ మూడూ కింద రాయండి. 5 అడుగులది కట్టినవాళ్లు ఎన్ని షియర్ బోల్టులు మార్చారో కూడా రాయండి. వచ్చే వీడియోలో మీ బండ్ల లెక్కలే ఒక్కొక్కటిగా తీసి చూద్దాం.