తిరుపతి మిద్దె మీద సెలెరీ: మూడు కుండీల రివ్యూ

అందరికీ నమస్కారం. సెలెరీకి, అంటే కాడల కోసం పెంచే ఆ ఆకుకూరకు, ఏ కుండీ కొనాలని అడుగుతున్న వారి కోసం ఈ వీడియో. ఇవిగో మూడు: మట్టి కుండీ, గ్రో బ్యాగు (మొక్కలు పెంచే సంచి), అడుగున నీటి అర ఉన్న ప్లాస్టిక్ కుండీ. మూడూ 12 అంగుళాలవే. మూడింటిలోనూ ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు సమపాళ్లలో కలిపాను.

నా ఓటు మూడోదానికే. సెలెరీ పుట్టుకతో చిత్తడి నేలల మొక్క. వేళ్లు లోతుకు పోవు, పైపొరలోనే అల్లుకుంటాయి. ఆ పొర తరచూ ఎండితే కాడలు పీచు పట్టి చేదెక్కుతాయి. గ్రో బ్యాగులోని ఈ మొక్కను దగ్గరగా చూడండి. నడిమి లేత ఆకులు అంచుల్లో నల్లబడ్డాయి కదా! ఇది లేత ఆకులకు కాల్షియం అందకపోవడం. చాలామంది వెంటనే సున్నం వేస్తారు. మట్టిలో కాల్షియం ఉన్నా, నీరు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అయితే అది చిగురుదాకా చేరదు. నీటి అర ఉన్న కుండీలో ఈ తేడా ఉండదు, అందుకే దాని కాడలు ఇంత నవనవలాడుతున్నాయి.

మట్టి కుండీ గోడల నుంచి నీరు ఆవిరై వేళ్లకు చల్లదనం ఇస్తుంది, కానీ అంతే త్వరగా ఎండిపోతుంది. రెండు పూటలా నీళ్లు పోయగలిగితే తీసుకోండి. గ్రో బ్యాగు మాత్రం సెలెరీకి వద్దు. వంకాయకు వాడుకోండి, హాయిగా కాస్తుంది.

ఎంత మంచి కుండీ అయినా మన ఎండాకాలాన్ని గెలవలేదు. సెలెరీకి 15 నుంచి 21 డిగ్రీలు ఇష్టం, తిరుపతిలో మే నెలలో 40 దాటుతుంది. సెప్టెంబరు మొదట్లో వరండాలో నారు పోయండి. విత్తనాలు ఆవగింజకన్నా చిన్నవి, మొలవడానికి వెలుతురు కావాలి, కాబట్టి పైన మట్టి కప్పకండి. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. నవంబరులో కుండీలోకి మార్చి, ఎండలు ముదిరేలోగా బయటి కాడలు కోసుకుంటూ రండి. మార్కెట్లో దొరికేంత లావు కాడలు మన మిద్దె మీద రావడం కష్టం. ఆకు కోసమే పెంచే సన్నకాడ రకం దొరికితే నేను దాన్నే ఎంచుకోమంటాను. వేడిని కాస్త బాగా ఓర్చుకుంటుంది.

ఒక్క జాగ్రత్త. నవంబరు మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వానలు దంచే నెల. కుండీ అడుగున ఉన్న నీటి అర నిండిపోయి నీరు పైకి ఎక్కితే వేళ్లు కుళ్లిపోతాయి. కొనేముందు కుండీ పక్కన, నీటి అర పైఅంచు ఎత్తులో, ఎక్కువైన నీరు పోయే రంధ్రం ఉందో లేదో చూడండి. లేకపోతే కాల్చిన మేకుతో ఒకటి పెట్టుకుంటే చాలు.