సీబ్రూక్ జీతం, సీబ్రూక్ నిమిషాలు

శ్రోతలకు నమస్కారం.

హాకీ అనగానే మనలో చాలామందికి పచ్చని మైదానం, ధ్యాన్‌చంద్ గుర్తుకు వస్తారు. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఉత్తర అమెరికాలో మంచు మీద స్కేట్లు కట్టుకుని ఆడే హాకీ గురించి. అక్కడి నేషనల్ హాకీ లీగ్‌లో ప్రతి వేసవిలోనూ ఏదో ఒక జట్టు ఒకే చిక్కులో పడుతూ ఉంటుంది. ఒకప్పుడు జట్టుకు వెన్నెముకగా నిలిచిన డిఫెన్స్ ఆటగాడికి ముప్పై మూడో ముప్పై నాలుగో ఏళ్లు వస్తాయి, కాళ్లలో వేగం తగ్గుతుంది, కానీ ఒప్పందంలో ఇంకా నాలుగైదేళ్ల భారీ జీతం మిగిలే ఉంటుంది. అలాంటి ఆటగాడిని ఏం చేయాలి?

ఈ ప్రశ్నకు షికాగో బ్లాక్‌హాక్స్ జట్టు ఆటగాడు బ్రెంట్ సీబ్రూక్ కథ కంటే మంచి ఉదాహరణ నాకు తెలిసి లేదు. 2003లో ఆ జట్టు అతడిని డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కుర్ర ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, పద్నాలుగో ఆటగాడిగా ఎంచుకుంది. 2010, 2013, 2015 సంవత్సరాల్లో జట్టు గెలిచిన మూడు స్టాన్లీ కప్పుల్లోనూ, అంటే లీగ్ టైటిళ్లలోనూ, అతడున్నాడు. 2013లో డెట్రాయిట్‌తో సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వచ్చి, అదనపు సమయంలోకి వెళ్లినప్పుడు గెలుపు గోల్ కొట్టింది అతడే. మూడో కప్పు గెలిచిన కొద్ది నెలలకే, 2015 సెప్టెంబరులో, జట్టు అతడికి ఎనిమిదేళ్లకు 5 కోట్ల 50 లక్షల డాలర్ల కొత్త ఒప్పందం ఇచ్చింది. అప్పటికి అతడి వయసు 30. పాత ఒప్పందంలో ఇంకా ఒక ఏడాది మిగిలి ఉన్నందువల్ల కొత్తది అతడి 31వ ఏట మొదలై 39 వరకు నడుస్తుంది. పైగా అతడి అనుమతి లేకుండా వేరే జట్టుకు పంపడానికి గానీ, కింది స్థాయి లీగ్‌కు దించడానికి గానీ వీలులేని షరతు కూడా అందులో ఉంది.

ఇంత తెలివితక్కువ పని ఎందుకు చేశారని ఇప్పుడు అనడం తేలిక. సంతకం పెట్టిన మరుసటి సీజన్‌లోనే సీబ్రూక్ 14 గోల్స్, 35 అసిస్టులతో, అంటే ఇతరుల గోల్స్‌కు దారితీసిన పాసులతో, తన జీవితంలోకెల్లా ఎక్కువ పాయింట్లు సాధించాడన్నది కూడా మరచిపోకూడదు. అసలు లోపం లీగ్ నడిచే తీరులోనే ఉంది. అక్కడ ఆటగాడు ఇష్టమైన జట్టుతో స్వేచ్ఛగా బేరం పెట్టుకోవాలంటే మామూలుగా 27 ఏళ్లు నిండాలి, లేదా ఏడు సీజన్లు ఆడి ఉండాలి. అంటే శరీరం అత్యుత్తమంగా పనిచేసే కాలంలో తక్కువ జీతానికి ఆడి, ఆ కాలం ముగియబోతున్న సమయంలో పెద్ద జీతం అందుకుంటాడు. జట్టు చెల్లించేది చాలావరకు గడిచిపోయిన ఆటకు. లెక్కలో పడేది మాత్రం రాబోయే ఏళ్లలో.

ఆ లెక్క పేరు శాలరీ క్యాప్. 2004-05 సీజన్ మొత్తం యజమానులకూ ఆటగాళ్లకూ మధ్య తగవుతో రద్దయిన తరువాత, జట్టు జీతాల మొత్తం ఒక హద్దు దాటకూడదన్న నిబంధన వచ్చింది. సీబ్రూక్ కొత్త ఒప్పందం మొదలైన 2016-17లో ఆ హద్దు 7 కోట్ల 30 లక్షల డాలర్లు. అందులో అతడి వాటా ఏటా 68 లక్షల 75 వేలు. యజమాని ఎంత ధనవంతుడైనా ఇక్కడ డబ్బు పెట్టి తప్పు దిద్దుకోలేడు. ఐపీఎల్‌లోనూ జట్టు ఖర్చుకు హద్దు ఉంది గానీ, అక్కడ మూడేళ్లకోసారి పెద్ద వేలం వచ్చి పలకలు తుడిచేస్తుంది. హాకీ లీగ్‌లో అలాంటి వేలం లేదు, ఒప్పందం ప్రకారం జీతం ఇవ్వవలసిందే.

ఇక ఆట సంగతి. మంచు హాకీలో డిఫెన్స్ ఆటగాడి పనిలో సగం వెనక్కి జారుతూ చేసేదే. ఎదుటి జట్టు ఫార్వర్డ్ పక్‌ను, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను, ముందుకు తోసుకుంటూ పూర్తి వేగంతో వస్తుంటే, ఇతడు అతడి వైపే ముఖం పెట్టి వెనక్కి జారుతూ, దూరాన్ని కొలుచుకుంటూ, సరైన క్షణంలో ఒక్కసారిగా తిరిగి అతడి పక్కన పరుగు అందుకోవాలి. ఆ తిరగడం తుంటి మీద ఆధారపడుతుంది. స్కేటింగ్‌లో కాలిని పక్కకు తోసే ప్రతి అడుగూ ఆ కీలునే అరగదీస్తుంది. అందుకే వయసు మీరిన డిఫెన్స్ ఆటగాడి ఆటలో మొదట తగ్గేది ఆలోచన కాదు, ఆ మలుపు. ఏం జరగబోతోందో ముందే గ్రహిస్తాడు, పాస్ ఎక్కడికి వేయాలో తెలుసు, కానీ అరక్షణం ఆలస్యంగా చేరతాడు. ఆ అరక్షణాన్ని కప్పిపుచ్చడానికి ప్రత్యర్థికి ముందుకన్నా ఎక్కువ దూరం ఇస్తాడు, అలా వదిలిన ఖాళీలోంచే గోల్స్ వస్తాయి. సీబ్రూక్‌కు చివరికి 2019-20 శీతాకాలంలో కొద్ది వారాల వ్యవధిలో కుడి భుజానికి, రెండు తుంటి కీళ్లకు మొత్తం మూడు శస్త్రచికిత్సలు జరిగాయంటే, అంతకుముందు సీజన్లలో అతడు ఎంత అరిగిన కీళ్లతో ఆడి ఉంటాడో ఊహించవచ్చు.

ఆ ఒప్పందం నడుస్తున్న ఏళ్లలో షికాగో ఏం చేసిందో చూడండి. జీతాల హద్దు లోపల ఇమడడానికి 2016 వేసవిలో బ్రయాన్ బికెల్ అనే మరో ఆటగాడి ఒప్పందాన్ని కెరొలైనా జట్టు తీసుకునేలా ఒప్పించి, అందుకు ప్రతిఫలంగా ట్యూవో టెరవాయినెన్ అనే 21 ఏళ్ల ప్రతిభావంతుడిని అప్పగించింది. అతడు కెరొలైనాలో ఏళ్ల తరబడి ముఖ్యమైన ఆటగాడిగా ఎదిగాడు. 2017లో వేగస్ కొత్త జట్టు వచ్చి మిగతా జట్ల నుంచి ఆటగాళ్లను ఎంచుకున్నప్పుడు ప్రతి జట్టూ కొందరు ఆటగాళ్లను మాత్రమే కాపాడుకునే వీలుండగా, కదపరాని షరతు ఉన్న సీబ్రూక్‌కు ఆ జాబితాలో చోటు ఇవ్వక తప్పలేదు. ఒక చెడ్డ ఒప్పందం ఖరీదు ఆ ఒప్పందంలో రాసిన అంకె ఒక్కటే కాదు. దాని కోసం జట్టు చేజార్చుకున్న కుర్రవాళ్లు కూడా ఆ ఖరీదులో భాగమే.

2018 జనవరిలో, గాయమేమీ లేకుండానే సీబ్రూక్‌ను తొలిసారి పక్కన కూర్చోబెట్టారు. ఆ ఏడాది జట్టు ప్లేఆఫ్స్‌కు చేరలేదు. అదే సంవత్సరం నవంబరులో మూడు కప్పులు గెలిపించిన కోచ్‌ను తొలగించి జెరెమీ కొలిటన్‌ను నియమించారు. కొలిటన్ సీబ్రూక్ కంటే మూడు నెలలే పెద్ద. తన ఈడువాడే వచ్చి నీ నిమిషాలు తగ్గిస్తున్నానంటే ఏ ఆటగాడికైనా మింగుడు పడదు. చివరికి 2021 మార్చిలో ఇక ఆడలేనని సీబ్రూక్ ప్రకటించాడు. ఆ జులైలో అతడి ఒప్పందాన్ని టాంపా బే జట్టు తీసుకుని, బదులుగా టైలర్ జాన్సన్‌నూ ఒక రెండో రౌండు డ్రాఫ్ట్ ఎంపికనూ షికాగోకు ఇచ్చింది. ఆడలేని మనిషి కోసం ఇంత ఎందుకు ఇచ్చారంటే, దీర్ఘకాలం గాయపడిన ఆటగాడి జీతం మేరకు హద్దు దాటవచ్చన్న వెసులుబాటు అప్పట్లో ఉండేది గనుక. సీబ్రూక్ టాంపా తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, ఆడతాడని ఎవరూ అనుకోలేదు కూడా. లీగ్ ఖాతా పుస్తకాల్లో ఇలాంటి వింతలు చాలానే ఉన్నాయి.

అయితే ప్రతి జట్టుకూ ఇలాంటి దారి దొరకదు. దొరకనప్పుడు జట్లు వెతికే దారుల్లో ఒకటి దాచిపెట్టడం. వేడ్ రెడెన్‌కు న్యూయార్క్ రేంజర్స్ 2008లో ఆరేళ్లకు 3 కోట్ల 90 లక్షల డాలర్లు ఇచ్చి, రెండేళ్లు తిరిగేసరికి కింది స్థాయి లీగ్‌కు పంపింది. అక్కడున్నంత కాలం అతడి జీతం పెద్ద జట్టు లెక్కలోకి రాలేదు. 2013లో లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన కొత్త ఒప్పందం ఆ కిటికీని దాదాపుగా మూసేసింది. ఇప్పుడు కిందికి పంపితే కలిసివచ్చేది జీతంలో చిన్న భాగమే.

రెండోది బైఅవుట్. మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు చెల్లిస్తూ, మిగిలిన సంవత్సరాలకు రెట్టింపు కాలం పాటు ఆ భారాన్ని లెక్కలో మోస్తూ, ఆటగాడిని వదిలేయడమన్నమాట. సంతకం బోనసుల్లో మాత్రం తగ్గింపు ఉండదు. మిన్నెసోటా జట్టు 2012లో ర్యాన్ సూటర్, జాక్ పారిసే అనే ఇద్దరికి పదమూడేళ్లకు చెరో 9 కోట్ల 80 లక్షల డాలర్ల ఒప్పందాలిచ్చి, 2021 జులైలో ఇద్దరినీ ఒకే రోజున వదిలేసింది. మొదటి ఏడాది అంతా బాగానే ఉంది. జట్టు తన చరిత్రలోకెల్లా ఎక్కువ పాయింట్లు సాధించింది కూడా. ఆ తరువాత వచ్చింది బిల్లు. 2023-24, 2024-25 సీజన్లలో, తన జట్టులో లేని ఆ ఇద్దరి కోసం ఏటా సుమారు 1 కోటి 47 లక్షల డాలర్లు లెక్కలో పోయాయి. హద్దు 8 కోట్ల 35 లక్షలుగా ఉన్న 2023-24లో జట్టు ప్లేఆఫ్స్‌కు చేరలేదు.

సూటర్ కథలో మన తెలుగువారికి దగ్గరైన మలుపు ఒకటుంది. అక్కణ్నుంచి అతడు డాలస్ స్టార్స్‌కు వెళ్లాడు. తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో స్థిరపడిన ఫ్రిస్కో పట్టణంలోనే ఆ జట్టు ప్రధాన కార్యాలయం, సాధన చేసే రింకు ఉన్నాయి. 36 ఏళ్ల వాడికి డాలస్ నాలుగేళ్ల ఒప్పందం ఇచ్చి, మూడేళ్ల తరువాత తానూ బైఅవుట్ చేసింది. పక్క జట్టు పొరపాటు నుంచి నేర్చుకోవడం ఎంత కష్టమో!

వ్యాంకూవర్ అనుభవం ఇంకా చేదు. ఓలివర్ ఎక్‌మన్-లార్సన్ ఒప్పందంలో నాలుగేళ్లు మిగిలి ఉండగా 2023 జూన్‌లో అతడిని వదిలేసిన ఆ జట్టు, 2031 దాకా ఆ భారం మోయవలసి వచ్చింది. అతడేమో ఏడాదికి 22 లక్షల 50 వేల డాలర్లకు ఫ్లోరిడా జట్టులో చేరి, ఆ సీజన్ చివర స్టాన్లీ కప్పు ఎత్తాడు. వ్యాంకూవర్‌లో ఏటా 72 లక్షలకు పైగా లెక్కలో పడిన మనిషి పనికిరానివాడయ్యాడు. ఫ్లోరిడాలో తక్కువ జీతానికి, బలమైన జట్టు మధ్యలో, తనకు తగిన పనిలో పెట్టేసరికి పనికివచ్చాడు. పన్నెండు నెలల్లో ఆటగాడు మారిపోలేదు, అతడి నుంచి ఆశించినది మారింది.

నా అభిప్రాయానికి మూలం ఇదే. క్షీణించిన డిఫెన్స్ ఆటగాడి జీతం అప్పటికే పోయిన డబ్బు. ఎవరిని ఎన్ని నిమిషాలు ఆడించాలో ఆ అంకె నిర్ణయించకూడదు. మ్యాచ్‌కు ఆరుగురు డిఫెన్స్ ఆటగాళ్లు మూడు జంటలుగా దిగుతారు. మొదటి జంట ఇరవై నాలుగైదు నిమిషాలు, ఎదుటి జట్టు అత్యుత్తమ ఫార్వర్డ్‌లకు ఎదురుగా ఆడుతుంది. మూడో జంట పదిహేను నిమిషాలు, కాస్త తేలికైన ప్రత్యర్థులకు ఎదురుగా ఆడుతుంది. వేగం తగ్గిన మనిషిని ఆ మూడో జంటలో, వేగంగా స్కేట్ చేసే కుర్రవాడి పక్కన పెట్టి, తన గోల్ ముందర నిలబడి షాట్లను అడ్డుకునే పని అప్పగిస్తే, అతడు ఇంకా రెండేళ్లు నిలబడగలడు. అతడిని వదిలించుకోవడం కోసం టెరవాయినెన్ వంటి కుర్రవాడినో, మొదటి రౌండు ఎంపికనో కానుకగా ఇవ్వడం మాత్రం నేను ఒప్పుకోను. కప్పు గెలిచే స్థితిలో ఉండి, ఆ చోటుకు సరైన మనిషి సిద్ధంగా ఉన్నప్పుడు తప్ప. జట్టు పునర్నిర్మాణంలో ఉంటే తొందర అసలే అక్కర్లేదు. సాన్ హోసే జట్టు మార్క్-ఎడ్వార్డ్ వ్లాసిక్ విషయంలో ఓడిపోయిన సీజన్లన్నీ ఓపికపట్టి, ఒక్క ఏడాది మిగిలి ఉండగా 2025 జూన్‌లో బైఅవుట్ చేసింది. అందుకని దాని భారం రెండేళ్లతో సరి. అదే పని నాలుగేళ్ల ముందు చేసి ఉంటే అది పదేళ్లు సాగేది.

ఇందులో కష్టమైన భాగం లెక్కలు కావు, ఆ మాట ఆటగాడితో చెప్పడం. హైదరాబాద్ శ్రోతలకు 2021 గుర్తుండే ఉంటుంది. 2016లో సన్‌రైజర్స్‌కు టైటిల్ అందించిన డేవిడ్ వార్నర్‌ను సీజన్ నడుమ కెప్టెన్సీ నుంచి తప్పించి, జట్టులోంచీ తీసేశారు. తనకు సరైన కారణం చెప్పలేదని అతడు తరువాత బహిరంగంగానే అన్నాడు. ఆ నవంబరులో టీ20 ప్రపంచ కప్ ఉత్తమ ఆటగాడు అతడే. ఆట విషయంలో సన్‌రైజర్స్ లెక్క తప్పో ఒప్పో పక్కన పెట్టినా, చెప్పిన తీరు జట్టులోని కుర్రవాళ్లందరూ చూశారు.

బోస్టన్ జట్టు జ్డెనో చారా విషయంలో మరో దారి పట్టింది. పద్నాలుగేళ్లు కెప్టెన్‌గా ఉన్న అతడికి చివరి సంవత్సరాల్లో ఏడాదికోసారి, తగ్గుతున్న జీతంతో ఒప్పందాలిచ్చింది. 2020 శీతాకాలంలో అతడికి 43 ఏళ్లు ఉన్నప్పుడు, కుర్ర డిఫెన్స్ ఆటగాళ్లకు చోటివ్వాలనుకుంటున్నామనీ, అతడి పాత్ర తగ్గుతుందనీ సీజన్ మొదలు కాకముందే చెప్పింది. చారా అది ఒప్పుకోక వాషింగ్టన్‌కు వెళ్లి ఎనిమిది లక్షల డాలర్ల లోపు జీతానికి ఆడాడు. అభిమానులు బాధపడ్డారు, కొందరు జట్టును తిట్టారు. కానీ వేసవిలోనో శిబిరానికి ముందో, జనరల్ మేనేజర్, కోచ్ ఇద్దరూ కూర్చుని నిమిషాల లెక్క ముందు పెట్టి మాట్లాడితే, ఉండాలో వెళ్లాలో తేల్చుకునే హక్కు ఆటగాడి చేతిలో ఉంటుంది. రెండేళ్ల తరువాత, 2022 సెప్టెంబరులో, చారా బోస్టన్‌తోనే ఒక్కరోజు ఒప్పందం చేసుకుని ఆ జట్టు ఆటగాడిగా రిటైరయ్యాడు.